పెట్రోలు ధరలో తేడా దూరంది కాదు, పన్నుది

సంపాదకులకు నమస్కారం.

పెట్రోలు ధర రాష్ట్రానికో తీరుగా ఎందుకుందని అడిగితే మొదట వినిపించే జవాబు రవాణా ఖర్చు. ఓడరేవుకు దగ్గరైతే తక్కువ, దూరమైతే ఎక్కువ అని చాలామంది నమ్మకం. అదే నిజమైతే సముద్రానికి ఎక్కడో దూరంగా ఉన్న ఢిల్లీలో ధర మండిపోవాలి, రిఫైనరీ ఉన్న విశాఖపట్నంలో చౌకగా దొరకాలి. జరుగుతున్నది సరిగ్గా తలకిందులు. విశాఖ రిఫైనరీకి కూతవేటు దూరంలో ఉన్న బంకులో లీటరు కొట్టించినా ఢిల్లీ కంటే పది రూపాయలకు పైగా ఎక్కువే పడుతోంది. ఈ తేడా ఎక్కడ పుడుతోందో లెక్కతో చూపాలన్నదే ఈ లేఖ ఉద్దేశం.

రాష్ట్రం వేసే అమ్మకపు పన్ను, అంటే వ్యాట్, పడకముందు లీటరు పెట్రోలు ధర దేశమంతటా దాదాపు ఒక్కటే. అందులో చమురు కంపెనీ ధర, కేంద్రం వేసే ఎక్సైజు సుంకం, బంకు యజమానికి దక్కే డీలరు కమిషన్ మూడూ ఉంటాయి. 2025 నాటి ధరల్లో అది సుమారు 79 రూపాయలు. దాని మీద ఏ రాష్ట్రం ఎంత వడ్డిస్తోందో చూడండి. ఢిల్లీ వ్యాట్ 19.40 శాతం, అంటే 15.33 రూపాయలు. అక్కడ ధర 94 దాటి ఆగుతుంది. తెలంగాణ వ్యాట్ 35.20 శాతం, అంటే 27.81 రూపాయలు. లీటరు దాదాపు 107 అవుతుంది. కర్ణాటకలో 29.84 శాతం కాబట్టి 102 చిల్లర. ఆంధ్రప్రదేశ్‌లో మూడు ముక్కలున్నాయి: 31 శాతం వ్యాట్, దానిపై లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, మరో రూపాయి రోడ్డు సెస్సు (రోడ్ల పేరుతో వేసే అదనపు పన్ను). ఆ సెస్సు మీద మళ్లీ వ్యాట్. మొత్తం 29.80 రూపాయలు చేరి లీటరు 109 దగ్గరకు పోతుంది. డీలరు కమిషన్ మీద వ్యాట్ వేసే పద్ధతిలో రాష్ట్రాల మధ్య చిన్న తేడాలున్నాయి కాబట్టి బంకు బోర్డు మీది అంకె రూపాయి అటూ ఇటూ ఉండవచ్చు. వరుస మాత్రం మారదు.

మరి రవాణాకు పాత్రే లేదా అంటే, ఉంది. అది ఒకే రాష్ట్రంలో ఊరికీ ఊరికీ మధ్య కనిపిస్తుంది. విశాఖ నుంచి విజయవాడ మీదుగా సికింద్రాబాద్ వరకు పైపులైను ఉంది. పారాదీప్ నుంచి హైదరాబాద్‌కు ఇంకొకటి ఉంది. పైపులో వచ్చే సరుకుకు ఖర్చు స్వల్పం. డిపో నుంచి బంకుకు ట్యాంకరు తిరిగే రానుపోను కిలోమీటర్ల మీద కిరాయి కడతారు కాబట్టి డిపో పక్కనున్న పట్నానికీ మారుమూల మండలానికీ పైసల్లో, ఎక్కడో కొన్నిచోట్ల రూపాయల్లో తేడా వస్తుంది. ఆంధ్రప్రదేశ్ సరిహద్దును ఆనుకొని ఉన్న ఒడిశాలోని మల్కన్‌గిరి ఇందుకు మంచి ఉదాహరణ. 2024 అక్టోబరు చివర్లో చమురు కంపెనీలు రాష్ట్రం లోపలి కిరాయి లెక్కల్ని సవరించినప్పుడు, ఆ జిల్లాలోని కొన్ని మారుమూల చోట్ల పెట్రోలు ఒక్కసారిగా 4 రూపాయలకు పైగా తగ్గింది. దూరం వల్ల పడే భారాన్ని తగ్గించడం సాధ్యమేనని అక్కడ రుజువైంది. రాష్ట్రాల మధ్య ఉన్న 12, 14 రూపాయల తేడా మాత్రం ట్యాంకరు చక్రాల కింద పుట్టింది కాదు.

పన్ను శాతంలో ఉండటం వల్ల వచ్చే చిక్కు ఒకటుంది. దాని మీద చర్చ జరగడం లేదు. కేంద్రం ఎక్సైజు పెంచి, ఆ పెంపు ధరలోకి వస్తే, రాష్ట్రం వేలు కదపకుండానే దాని రాబడీ పెరుగుతుంది. ధరలో 2 రూపాయలు కలిస్తే తెలంగాణలో వ్యాట్ రూపంలో ఇంకో 70 పైసలు తోడవుతాయి. తగ్గినప్పుడూ అంతే. 2022 మే 22న కేంద్రం ఎక్సైజు 8 రూపాయలు తగ్గిస్తే ఢిల్లీలో లీటరు ధర 105.41 నుంచి 96.72కు దిగింది, హైదరాబాద్‌లో 119.49 నుంచి 109.66కు దిగింది. ఒకే కోత, ఒకచోట 8.69 రూపాయలు, మరోచోట 9.83. వ్యాట్ ఎక్కువున్న రాష్ట్రంలో ఎక్కువ తగ్గడం చూసి సంతోషించినవాళ్లు, ధర పెరిగేటప్పుడు కూడా అదే సూత్రం తమ జేబు మీద పనిచేస్తుందని గమనించాలి.

తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు ఇందులో కేంద్రం వాటా చిన్నదేమీ కాదు. 2025 ఏప్రిల్‌లో 2 రూపాయలు పెంచాక పెట్రోలు మీద కేంద్రం వేసే మొత్తం 21.90 రూపాయలయింది. అందులో రాష్ట్రాలతో పంచుకోవాల్సిన మూల ఎక్సైజు 1.40 మాత్రమే. మిగతాదంతా ప్రత్యేక అదనపు సుంకం, వ్యవసాయ సెస్సు, రోడ్ల సెస్సు పేర్లతో కేంద్రం దగ్గరే ఉండిపోతుంది. ఆ 1.40లో రాష్ట్రాలన్నిటి వాటా 41 శాతం, అంటే 57 పైసలు. రాష్ట్రాలు వ్యాట్‌ను వదులుకోవడానికి ఎందుకు జంకుతాయో ఈ అంకె చెబుతుంది. ఆ రాష్ట్రాలు వ్యాట్‌ను ఈ స్థాయిలో ఉంచడాన్ని మాత్రం ఇది సమర్థించదు.

ఈ తేడాకు మూల్యం చెల్లించేది వాహనదారులొక్కరే కాదు. డీజిలు మీద ఆంధ్రప్రదేశ్ 22.25 శాతంతో పాటు 4 రూపాయలు, రోడ్డు సెస్సు వేస్తోంది. తెలంగాణలో 27 శాతం, కర్ణాటకలో 21.17. హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్లే లారీ కర్నూలు, అనంతపురం జిల్లాలు దాటి కర్ణాటకలోని బాగేపల్లి చేరాక ట్యాంకు నింపుకుంటే లీటరుకు ఐదారు రూపాయలు మిగులుతాయి. 300 లీటర్లు పట్టే ట్యాంకుకు అది పదిహేను వందల పైమాటే. అలా వెళ్లే ప్రతి ట్యాంకుతో ఆంధ్రప్రదేశ్ ఖజానాకు రావాల్సిన వ్యాటంతా పక్క రాష్ట్రానికి పోతుంది, సరిహద్దులోని ఆంధ్ర బంకు వెలవెలబోతుంది. చుట్టూ ఆంధ్రప్రదేశ్, మధ్యలో పుదుచ్చేరి పన్నుతో నడిచే యానాం సంగతి కాకినాడ, కోనసీమ వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఇంకో నష్టం కంటికి కనపడదు: లారీ యజమాని డీజిలు మీద కట్టిన వ్యాట్‌ను జీఎస్టీలో మినహాయించుకునే వీలు లేదు. ఆ పన్ను కిరాయిలో కలిసి, ఉల్లిగడ్డ ధరలో, సిమెంటు బస్తా ధరలో తేలుతుంది.

పెట్రోలు, డీజిలును జీఎస్టీలో చేరిస్తే అన్నీ సర్దుకుంటాయనే మాట తరచూ వింటున్నాం. రాజ్యాంగం అందుకు దారి ఉంచింది, కేంద్ర, రాష్ట్రాల మంత్రులుండే జీఎస్టీ మండలి తేదీ నిర్ణయిస్తే చాలు. 2021 సెప్టెంబరులో లక్నో సమావేశంలో ఈ అంశం చర్చకు వచ్చి, ఇప్పుడు సమయం కాదని పక్కకు పోయింది. ఎందుకో అంకెలు చూస్తే అర్థమవుతుంది. 2025 ధరల్లో పన్నులు తీసేస్తే పెట్రోలు దాదాపు 57 రూపాయలు. దాని మీద ఇప్పుడున్న అత్యధిక రేటు 40 శాతం వేసినా వచ్చేది సుమారు 23 రూపాయలు. తెలంగాణలో 2025లో కేంద్రం, రాష్ట్రం కలిపి తీసుకున్నది దాదాపు 50. సగానికి పైగా రాబడి వదులుకోవడానికి ఇద్దరిలో ఎవరూ సిద్ధంగా లేరు. కాబట్టి జీఎస్టీ వచ్చేదాకా ఏమీ చేయలేమని కూర్చోవడం సరికాదు.

చేయదగిన పని ఒకటి పొరుగునే జరిగింది. తమిళనాడు 2020లో 34 శాతం వ్యాట్‌ను 15 శాతానికి దించి, లీటరుకు 13.02 రూపాయల స్థిర పన్ను పెట్టింది. మరుసటి ఏడాది దాన్ని 13 శాతం, 11.52 రూపాయలకు తగ్గించింది. అక్కడ మూలధర రూపాయి పెరిగితే పన్ను 13 పైసలే పెరుగుతుంది. ఇక్కడ 31, 35 పైసలు. చమురు చౌకైనప్పుడు స్థిర పన్ను తగ్గదన్నది నిజమే. అయినా ధరలు మండే రోజుల్లో పేదవాడి బండికి అది రక్షణ, ప్రభుత్వానికి లెక్క తెలిసిన రాబడి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు వ్యాట్‌లో అధిక భాగాన్ని ఈ పద్ధతికి మార్చాలి. ఆంధ్రప్రదేశ్ సెస్సు మీద వ్యాట్ వేయడాన్ని ముందుగా ఎత్తేయాలి. లీటరుకు 31 పైసలే కదా అనుకోవచ్చు, పన్ను మీద పన్ను ఏ లెక్కనా న్యాయం కాదు.

రెండో పని ఇంకా తేలిక. బంకులో ఇచ్చే రసీదు ఒకసారి చూడండి: పంపు నంబరు, నాజిల్ నంబరు, లీటర్లు, రేటు, మొత్తం. పన్ను ఎంతో ఎక్కడా ఉండదు. హోటల్లో ఇడ్లీ తిన్నా బిల్లులో కేంద్ర, రాష్ట్ర జీఎస్టీలు విడివిడిగా కనిపిస్తాయి. 2025 లెక్కన వంద రూపాయల పెట్రోలులో 46 రూపాయలకు పైగా పన్ను కట్టినవాడికి ఆ మాట చెప్పే కాగితం లేదు. చమురు కంపెనీ డీలరుకిచ్చే ఇన్‌వాయిస్‌లో వ్యాట్ విడిగానే ఉంటుంది కాబట్టి సమాచారం కొత్తగా పుట్టించాల్సిన పని లేదు. మూలధర, కేంద్ర సుంకాలు, డీలరు కమిషన్, రాష్ట్ర వ్యాట్, సెస్సు అనే ఐదు వరుసలు రసీదు మీద, సాంద్రత రాసే బోర్డు పక్కన తప్పనిసరి చేస్తూ రెండు రాష్ట్రాల పౌర సరఫరాల శాఖలు ఉత్తర్వులివ్వాలి. రేట్లు మారిన రోజు ఉదయం 6 గంటలకే ఆ వరుసలూ మారాలి.

– ఒక పాఠకుడు, కోదాడ