జేసీబీని ఇప్పుడే పిలవొద్దు నాయనా

శాన్ హోసే, కాలిఫోర్నియా
జూన్ 8

నాయనా,

నీకూ అమ్మకూ నమస్కారాలు. ఇక్కడ అందరం బాగున్నాం. మొన్న వీడియో కాల్‌లో కాలిపోయిన గుట్ట చూపించావు కదా, అప్పటి నుంచి మనసు అక్కడే ఉంది. స్కూలు పిల్లలు వచ్చి దిగే గుడారాల చోటు, చింతమాను కింది అరుగు, అంతా నల్లగా కనబడేసరికి నాకు నోట మాట రాలేదు. ఆ చోటు నడిపే మన సమితిలో కొందరు జేసీబీ పెట్టి మొత్తం చదును చేద్దాం, సిమెంటు గదులు కట్టి కొత్త మొక్కలు నాటుదాం అంటున్నారన్నావు. ఆ మాట మీదే ఈ ఉత్తరం. ఫోన్‌లో సగం మాటలు సిగ్నల్‌కే పోతాయి. కాగితం మీద ఉంటే ఆదివారం మీటింగ్‌లో నలుగురికీ చదివి వినిపించొచ్చు. నేను చెప్పేది ఒకటే. ఒక వానాకాలం ఆగండి. ముందు మట్టిని కాపాడుకోండి, మానుల సంగతి తర్వాత చూద్దాం.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, శనివారాలు నేను పోయి పనిచేసేది అలాంటి చోటే. మాకు దగ్గర్లో శాంటా క్రూజ్ కొండలున్నాయి. 2020 ఆగస్టు 16న అక్కడ వాన లేకుండా ఉత్త పిడుగులు పడ్డాయి. అక్కడక్కడా అంటుకున్న మంటలు గాలికి ఒకటైపోయి 86 వేల ఎకరాలకు పైగా కాల్చేశాయి. బిగ్ బేసిన్ అనే వనం, రెడ్‌వుడ్ అనే చాలా ఎత్తు పెరిగే మానులుండేది, 1902లో పెట్టింది, ఈ రాష్ట్రంలో అన్నిటికన్నా పాత స్టేట్ పార్కు, దాదాపు మొత్తం కాలింది. మళ్లీ జనాన్ని లోపలికి రానిచ్చింది 2022 జులైలో, అదీ పగటి పూట మాత్రమే. కాలిన ఆ కొండల్లోనే నేను పనిచేసే ఓ చిన్న గ్రూప్ క్యాంపుగ్రౌండ్ ఉంది. కరెంటు లేదు, గదులు లేవు. గుడారాలేసుకోను చోటు, చెక్క బల్లలు, పొయ్యి గుంతలు, ఓ కొళాయి, గుంత మరుగుదొడ్లు, అంతే. మన చోటు లాంటిదే. అందుకే దాని మీద నాకంత ప్రేమ.

మొదటి రోజు మా చేతికి పార కాదు, ఇనుప కడ్డీ ఇచ్చారు. కాలిన మొద్దుల వేర్లు భూమి లోపల కూడా నిప్పు రాజుకుని బూడిదైపోతాయట. పైన నేల మామూలుగానే ఉంటుంది, అడుగేస్తే మోకాలి దాకా దిగిపోతుంది. అందుకని అడుగు ముందు కడ్డీ గుచ్చి చూసుకుంటూ నడిచాం. గుంత దొరికిన చోటల్లా జెండా పాతి, తర్వాత రాళ్లూ మట్టీ పోసి పూడ్చాం. మన దగ్గర కూడా పాత మొద్దులు కాలాయి కదా. పిల్లల్ని అటువైపు పోనివ్వద్దు, మేకలు తోలుకుపోయే వాళ్లకు కూడా చెప్పు.

ఆ తర్వాత మా మేస్త్రీ లాంటి ఆయన ఒక పని చేసి చూపించాడు. బూడిద పక్కకు నెట్టి, కింది మట్టి మీద సీసాలో నీళ్లు కొంచెం పోశాడు. నీళ్లు ఇంకలేదు నాయనా. చేమాకు మీద బొట్టులా గుండ్రంగా నిలబడి, పక్కకు దొర్లిపోయాయి. ఆకులూ కొమ్మలూ కాలినప్పుడు వాటిలోని మైనం ఆవిరై మట్టి లోపలికి దిగి గట్టిపడుతుందట, ఆ పొర నీటిని తాగనివ్వదు. నువ్వూ ఒకసారి చేసి చూడు. బూడిద మీద పోస్తే తెలియదు, దాని కింద వేలెడు లోతులో పోయాలి. నీళ్లు నిలబడ్డాయంటే, అక్టోబరు, నవంబరు తుపాను వానలకు ఆ వాలు మీది మట్టంతా కిందికొస్తుందని అర్థం. 2021 నవంబరు వానలకు శ్రీవారి మెట్టు దారి ఎట్లా కొట్టుకుపోయిందో, ఘాట్ రోడ్డు మీద కొండచరియలు ఎట్లా పడ్డాయో మనందరం చూశాం. కాలని కొండకే అంత జరిగితే, కాలిన వాలును జేసీబీతో గెలికితే మిగిలేది రాయే. మట్టంతా వంకలో పడి కింది కయ్యల్లోకి చేరుతుంది.

ఇక్కడ మేం చేసింది పెద్ద విద్యేమీ కాదు. గడ్డిని వలలో కుక్కి పొడుగ్గా చుట్టలు చేసి, వాలుకు అడ్డంగా, ఒకే మట్టంలో పడుకోబెట్టి, సగం నేలలో దిగేలా చిన్న కాలువ తీసి, మేకులు కొట్టాం. కిందికొచ్చే నీళ్లు అక్కడ ఆగి, మట్టిని వదిలి నెమ్మదిగా పోతాయి. పడగొట్టక తప్పని మానుల దుంగల్ని కూడా అట్లాగే అడ్డంగా పెట్టాం. మీకు వలలు అక్కర్లేదు. గుట్ట మీద రాళ్లున్నాయి, కాలిన కంప ఉంది. రాతి కట్టలు వేయడం, కందకాలు తీయడం మన ఊళ్లో వాటర్‌షెడ్ పనుల్లో చేసిన చేతులకు తెలియనిది కాదు. వరిగడ్డి పరిస్తే మటుకు దాంట్లో వయ్యారిభామ విత్తనాలు లేకుండా చూసుకోండి. ఇక్కడ ఫ్రెంచ్ బ్రూమ్ అనే పసుపు పూల కంపతో మేం పడే అవస్థ చెప్పలేను. మంట తగిలితే దాని విత్తనాలకు ప్రాణమొచ్చినట్టే, ఎంత పీకినా మళ్లీ మొలుస్తాయి. మన గుట్టలో లాంటానా కూడా ఇదే అదనుగా లేస్తుంది. వేరు పట్టకముందే పీకించండి.

ఇప్పుడు మానుల మాట. రెడ్‌వుడ్ బెరడు అడుగు మందం దాకా ఉంటుంది. కింద నుంచి కొన దాకా బొగ్గైపోయిన మాను, కొమ్మ ఒక్కటి లేదు, చచ్చిందనే ఎవరైనా అనుకుంటారు. నేను దగ్గరికి పోయి చేత్తో తడిమాను. ఆ బొగ్గు పగుళ్లలోంచి వేలి పొడుగు లేత పచ్చటి చిగుళ్లు, కాండం పొడవునా. వీటి మీద పరిశోధన చేసినవాళ్లు చెప్పింది చదివి ఇంకా ఆశ్చర్యపోయాను. దశాబ్దాల కిందట దాచుకున్న చక్కెరను ఇప్పుడు తీసి, బెరడు కింద వందల ఏళ్లుగా నిద్రపోతున్న మొగ్గలకు పెడుతుందట. పక్కనే ఉన్న డగ్లస్ ఫర్ మానులు చాలావరకు నిజంగానే పోయాయి. ఏది పోయిందో ఏది బతికిందో కాలిన వారంలోనే తేల్చి ఉంటే, బతికేవాటిని కూడా నరికేసేవాళ్లు. బల్లల మీద, దారి మీద పడే ప్రమాదం ఉన్నవాటికే రంగు గుర్తు పెట్టి కొట్టారు. మిగతావాటిని వదిలేశారు.

మనవి రెడ్‌వుడ్‌లు కావు, నిజమే. అయితే ఎర్రచందనం మోడు నుంచి పిలకలేస్తుందని నాకు చెప్పింది నువ్వే కదా. జాలారి, బిల్లుడు, నేరేడు, ఒక్కోటి దగ్గరా ఆగి, చాకుతో బెరడు కొంచెం గీరి చూడండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే గుడ్డ కట్టి వదిలెయ్యండి. ఎర్రచందనం మటుకు ఎంత కాలినా, ఫారెస్టు వాళ్లు వచ్చి లెక్క రాసుకునే దాకా ఎవ్వరూ చెయ్యి పెట్టకూడదు. లేనిపోని కేసులు మనకెందుకు.

గదుల విషయంలో మీ మాట కాదంటున్నానని అనుకోవద్దు. సమితికి ఆదాయం కావాలి, నాకు తెలుసు. ఇక్కడా ఈ వాదన జరిగింది. చివరికి గుడారాలే ఉంచారు, ఎందుకంటే మంట కాలం వస్తే గుడారాన్ని మడిచి తీసుకుపోవచ్చు, గదిని తీసుకుపోలేం. చెక్క బల్లల బదులు కొన్ని ఇనుప బల్లలు వేశారు. పొయ్యి గుంతలకు ఇనుప చుట్లు పెట్టారు, ఎండాకాలం అసలు పొయ్యే వెలిగించనివ్వరు. లోతు లేకుండా వేసిన ప్లాస్టిక్ పైపులు కరిగిపోతే తవ్వి మొత్తం మార్చారు. దగ్గర్లోని ఒక లోయలో మంట తర్వాత నీళ్లలో బెంజీన్ అనే విషపదార్థం కనబడి తాగొద్దన్నారు కూడా. అందుకని మన కొళాయి పైపు వేడికి మెత్తబడిందేమో చూసి, నీళ్లు పరీక్ష చేయించాకే పిల్లలకు ఇవ్వండి.

అసలు శత్రువు బోద గడ్డి. 2014 మార్చిలో తిరుమల కొండ అంటుకుని హెలికాప్టర్లతో నీళ్లు చల్లిన రోజులు మర్చిపోలేదు కదా. మన దగ్గర పిడుగుతో అంటుకునేది తక్కువ, మనిషి చేతి నిప్పే ఎక్కువ. సంక్రాంతి అయిన వెంటనే, గడ్డి పూర్తిగా ఎండకముందే, గుడారాల చుట్టూ కోసేసి, నేల కనబడేలా ఫైర్ లైను గీకించండి. గదుల డబ్బులో కొంత దానికి పెడితే చాలు. నా వంతు నేను పంపిస్తాను.

అమ్మను మోకాలికి ఎండలో తిరగొద్దని చెప్పు. సంక్రాంతికి వస్తున్నాను, టికెట్ బుక్ చేశాను. ఆ గడ్డి కోతకు నేనూ కొడవలి పట్టుకుంటాను. ఈలోపు చిగురేసిన మానుల ఫొటోలు పంపించు, వాటికి కట్టిన గుడ్డ కనబడేలా తియ్యి. మీటింగ్‌లో ఏమనుకున్నారో ఆదివారం రాత్రి తొమ్మిదికి ఫోన్ చేసి చెప్పు, ఇక్కడ పొద్దునే అవుతుంది, మేలుకునే ఉంటాను.

ఉంటాను నాయనా,
నీ పెద్ద పాప