వైఫై కలిసినా సైట్లు తెరుచుకోకపోతే వెంటనే ఫార్మాట్ చేయించకండి

సంపాదకులకు నమస్కారం.

ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు పెట్టే రోజుల్లో, ఫీజులు కట్టే ఆఖరి తేదీల్లో నెల్లూరు రిపేరు షాపులకు ఒకే కంప్లయింటుతో సిస్టంలు వస్తుంటాయి. 'వైఫై కనెక్ట్ అయింది, సిగ్నల్ ఫుల్లుగా ఉంది, ఒక్క సైటూ ఓపెన్ కావడం లేదు' అంటారు. చాలాచోట్ల దీనికి దొరికే జవాబు ఫార్మాట్. డబ్బు పోతే పోయింది, దాంతోపాటు పిల్లల సర్టిఫికెట్ల స్కాన్లు, పొలం కాగితాలు, ఇంటి ఫొటోలు కూడా చెరిగిపోతున్నాయి. ఈ తిప్పల్లో చాలావరకు ఇంట్లోనే కాసేపట్లో తేలిపోయేవి. ఇదే పని రోజూ చేసేవాళ్ళం కాబట్టి మీ పాఠకులకు నాలుగు సంగతులు చెప్పాలని రాస్తున్నాం.

స్క్రీన్ మూలనున్న వైఫై గుర్తు చెప్పేది కంప్యూటరుకూ రౌటరుకూ మధ్య లింకు కుదిరిందని మాత్రమే. రౌటరు దాటి వీధి స్తంభం మీది ఫైబరులోకి దారి ఉందా లేదా అన్నది వేరే విషయం. 'నో ఇంటర్నెట్' అన్న మాట కనిపించిందంటే, మైక్రోసాఫ్ట్ సర్వరులోని ఒక చిన్న ఫైలు కోసం విండోస్ అడిగి చూసుకుందని, అది అందలేదని అర్థం.

అందుకని మొదట కంప్యూటరును ముట్టుకోకండి. ఫోనులో మొబైల్ డేటా ఆపి, అదే వైఫైకి కలిపి ఏదైనా సైటు తెరవండి. ఫోనులోనూ రాకపోతే తప్పు కంప్యూటరుది కాదు. ఫైబర్ వచ్చి చేరే డబ్బా మీద ఎల్ఓఎస్ అనే లైటు ఎర్రగా కొట్టుకుంటుంటే వెలుగు మన ఇంటిదాకా రావడం లేదన్నమాట. మన జిల్లాలో ఫైబర్ చాలావరకు కరెంటు స్తంభాల మీదుగానే వస్తుంది. అక్టోబరు, నవంబరు వాయుగుండాల గాలికి, చెట్ల కొమ్మలు కొట్టేటప్పుడు, ఎత్తుగా గడ్డి లోడు వేసుకున్న లారీ తగిలినప్పుడు తెగిపోతుంది. ఆపరేటరును పిలిచే ముందు డబ్బా వెనక చూడండి. టీవీ స్టాండుకూ గోడకూ మధ్య ఆ సన్నటి వైరు గట్టిగా మడత పడినా ఇదే ఎర్రలైటు వెలుగుతుంది. వైరు ఊడదీసి కొనలోకి మాత్రం తొంగిచూడొద్దు. అందులో వచ్చే లేజరు కంటికి కనపడదు, కంటికి హాని చేయగలదు.

ఎర్రలైటు లేదు, ఫైబరు సిగ్నల్ అందుతోందని చెప్పే పాన్ (PON) లైటు పచ్చగా నిలకడగా ఉంది, అయినా ఏ ఫోనులోనూ నెట్ రావడం లేదనుకోండి. రీచార్జి గడువు ముగిసిందేమో చూడండి. ఇప్పుడు సైట్లన్నీ తాళం గుర్తుతో నడుస్తున్నాయి కాబట్టి ఆపరేటరు పెట్టే 'డబ్బు కట్టండి' పేజీకి బ్రౌజరు దారి మళ్ళదు. ఏదో ఎర్రర్ చూపించి ఊరుకుంటుంది. జనం దాన్నే వైరస్ అనుకుంటారు. గడువు ఉంటే డబ్బాకూ, రౌటరు వేరేగా ఉంటే దానికీ పవర్ తీసి ఒక నిమిషం ఆగండి. ముందు డబ్బా ఆన్ చేసి, లైట్లు నిలకడ అయ్యాక రౌటరు, చివర కంప్యూటరు ఆన్ చేయండి.

ఇక్కడే చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. రౌటరు వెనక పిన్నీసు దూరేంత చిన్న రంధ్రం ఉంటుంది. అది రీసెట్. దాన్ని పది సెకన్లు నొక్కిపడితే, కనెక్షన్ ఇచ్చిన రోజు ఆపరేటరు అందులో ఎక్కించిన యూజర్ నేమ్, పాస్‌వర్డ్ చెరిగిపోతాయి. అప్పటిదాకా ఒక్క కంప్యూటరుకే ఉన్న ఇబ్బంది ఇంటిల్లిపాదికీ చుట్టుకుంటుంది. పవర్ తీసి పెట్టడం వేరు, రీసెట్ నొక్కడం వేరు.

ఫోనులో వస్తూ కంప్యూటరులో రాకపోతే, స్టార్ట్ మెనూలో సీఎండీ (cmd) అని కొట్టి నల్ల విండో తెరవండి. అందులో ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని మధ్యలో ఖాళీ లేకుండా టైపు చేసి ఎంటర్ నొక్కండి. బోలెడు వరుసలు వస్తాయి, కంగారు పడొద్దు. వైర్‌లెస్ ల్యాన్ అడాప్టర్ వైఫై అన్న శీర్షిక కింద రెండే చూడండి: కంప్యూటరు నంబరైన ఐపీవీ4 అడ్రస్, రౌటరు నంబరైన డీఫాల్ట్ గేట్‌వే. అడ్రస్ 192.168తో గానీ 10తో గానీ మొదలై, గేట్‌వే దగ్గర కూడా అంకెలుంటే మంచిదే. అడ్రస్ 169.254తో మొదలై గేట్‌వే ఖాళీగా ఉంటే, రౌటరు నుంచి అడ్రసు అందక కంప్యూటరు తనంతట తానే ఒక నంబరు పెట్టుకుందన్నమాట. ఆ నంబరుతో ఇల్లు దాటి బయటికి పోలేదు. వైఫై పేరు మీద ఫర్గెట్ నొక్కి, పాస్‌వర్డు మళ్ళీ ఇచ్చి కలపండి. కాలేజీ నుంచో ఆఫీసు నుంచో తెచ్చిన ల్యాప్‌టాపుల్లో అక్కడి నంబర్లు చేత్తో ఎక్కించి ఉంటాయి. ఐపీ సెట్టింగ్‌ను ఆటోమేటిక్‌కు మారిస్తే ఇంట్లో పనిచేస్తుంది.

అడ్రసు సరిగానే ఉంటే మూడు పింగ్‌లు చేయండి. పింగ్ (ping) అంటే అవతలి యంత్రం పలుకుతుందో లేదో అడిగి చూడటం. పింగ్ అని కొట్టి, ఖాళీ ఇచ్చి మొదట గేట్‌వే నంబరు, తర్వాత గూగుల్ సర్వరు నంబరు 8.8.8.8, ఆ తర్వాత గూగుల్ డాట్ కామ్ (google.com). గేట్‌వే నుంచే రిప్లై రాకపోతే తప్పు వైఫైలోనో, కంప్యూటరులోని ఫైర్‌వాల్‌లోనో ఉంది. 8.8.8.8 నుంచి రిప్లై వచ్చి, గూగుల్ డాట్ కామ్ దగ్గర 'కుడ్ నాట్ ఫైండ్ హోస్ట్' అని వస్తే నెట్ ఉంది, డీఎన్ఎస్ లేదు. సైటు పేరును నంబరుగా మార్చి చెప్పే సర్వరు పలకడం లేదని అర్థం. మేం చూసేవాటిలో ఫార్మాట్‌కు బలయ్యేవి ఎక్కువగా ఇవే. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో వైఫై, హార్డ్‌వేర్ ప్రాపర్టీస్, డీఎన్ఎస్ సర్వర్ అసైన్‌మెంట్ దగ్గర ఎడిట్ నొక్కి మాన్యువల్ ఎంచుకోండి. ఐపీవీ4 ఆన్ చేసి మొదటి గడిలో 8.8.8.8, రెండో గడిలో 1.1.1.1 పెట్టి సేవ్ చేయండి. తర్వాత నల్ల విండోలో ఐపీకాన్ఫిగ్, ఖాళీ, స్లాష్, ఫ్లష్‌డీఎన్ఎస్ (ipconfig /flushdns) కొట్టండి. పాత తప్పుడు జవాబులు చెరిగిపోతాయి.

మూడు పింగ్‌లకూ రిప్లై వస్తూ బ్రౌజరు మాత్రం మొరాయిస్తుంటే నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లోనే ప్రాక్సీ (నెట్ రాకపోకలను మధ్యలో అందుకుని పంపేది) పేజీ తెరవండి. 'యూజ్ ఏ ప్రాక్సీ సర్వర్' ఆన్‌లో ఉండి 127.0.0.1 (ఈ కంప్యూటరు సొంత నంబరే) అని కనిపిస్తే ఆఫ్ చేయండి. ఊరికే వచ్చిందని వేసుకుని తీసేసిన వీపీఎన్‌లు, వాటితో దూరిన చెత్త ప్రోగ్రాములు వదిలిపోయే అవశేషమిది. అది మళ్ళీ దానంతటదే ఆన్ అవుతుంటే లోపల ఇంకా మాల్‌వేర్ ఉంది, స్కాన్ చేయాల్సిందే.

తేదీ కూడా చూడండి. పాత డెస్క్‌టాపుల్లో మదర్‌బోర్డు మీద సీఆర్2032 అనే మూడు వోల్టుల బిళ్ళ బ్యాటరీ ఉంటుంది. అది అయిపోతే కరెంటు పోయినప్పుడల్లా తేదీ ఎన్నో ఏళ్ళు వెనక్కి పోతుంది. అప్పుడు సైటు అసలుదేనని రుజువు చేసే సర్టిఫికెట్ల గడువు ఇంకా మొదలే కాలేదని బ్రౌజరు అన్నిటినీ ఆపేస్తుంది. ప్లగ్ తీసేసి, బిళ్ళను ప్లస్ గుర్తు పైకి వచ్చేలా మార్చి, తేదీ సరిచేస్తే చాలు.

మరో చిక్కు మన ఊళ్ళలో బాగా పెరిగింది. ఫైబర్ డబ్బాలోనే వైఫై ఉన్నా, పాత కనెక్షన్ రౌటరు వృథా పోతుందెందుకని దాని వెనక తగిలిస్తారు. రెంటి నంబరూ 192.168.1.1 అయితే ఏ మాట లోపలికి, ఏ మాట బయటికి పంపాలో రెండో రౌటరుకు తెలీదు. సిగ్నల్ దివ్యంగా ఉంటుంది, సైటు రాదు. రెండోదాన్ని యాక్సెస్ పాయింట్ (వైఫై పంచడం మాత్రమే చేసే) మోడ్‌కు మార్చడమో, దాని నంబరును 192.168.2.1 చేయడమో చేయాలి.

గూగుల్, యూట్యూబ్ వస్తూ మిగతా చాలా సైట్లు రాకపోతే కనెక్షన్‌లో కొత్త తరహా అడ్రసుల ఐపీవీ6 ఒక్కటే పనిచేస్తూ పాత తరహా ఐపీవీ4 ఆగిపోయి ఉండొచ్చు. ఆపరేటరుకు ఈ మాటే చెప్పండి, సమయం కలిసొస్తుంది. ఇక విండోస్ 7 వాడేవారికి కొన్ని సైట్లే తెరుచుకోవు. 2021 సెప్టెంబరు 30తో చాలా సైట్ల సర్టిఫికెట్లకు మూలమైన ఒక పాత రూట్ సర్టిఫికెట్ గడువు ముగిసింది. క్రోమ్ కూడా ఆ విండోస్‌కు 109వ వెర్షన్‌తోనే ఆగిపోయింది. రౌటరు మార్చినా అక్కడ ఫలితం ఉండదు. సొంత సర్టిఫికెట్లతో వచ్చే ఫైర్‌ఫాక్స్ కొంతకాలం ఆదుకుంటుంది కానీ, ఆ సిస్టంలో బ్యాంకు పనులు చేయొద్దు.

ఇవేవీ కుదరకపోతే చివరగా విండోస్‌లోనే నెట్‌వర్క్ రీసెట్ ఉంది. వైఫై పాస్‌వర్డులు పోతాయి కాబట్టి ముందే రాసిపెట్టుకోండి. ఫైళ్ళు, ఫొటోలు ఎక్కడికీ పోవు.

షాపులు నడిపే తోటివారికి ఒక మనవి: ఐపీకాన్ఫిగ్, మూడు పింగ్‌లు, ప్రాక్సీ, తేదీ చూడకుండా ఫార్మాట్ మాట ఎత్తొద్దు. చేయక తప్పకపోతే డేటా కాపీ తీసి ఇచ్చాకే చేయండి. కేబుల్ ఆపరేటర్లకు మరో మనవి: కనెక్షన్ ఇచ్చిన రోజే యూజర్ నేమ్, పాస్‌వర్డ్ చీటీ మీద రాసి ఇంటివారి చేతికి ఇవ్వండి. పొరపాటున ఎవరైనా రీసెట్ నొక్కినా, మీ మనిషి వచ్చేదాకా ఆ ఇల్లు రెండు రోజులు నెట్ లేకుండా ఉండనక్కర్లేదు.

ఇట్లు,
కంప్యూటర్ రిపేరు పనివాళ్ళం,
వేదాయపాళెం, నెల్లూరు