పాప ఇంటికొచ్చింది, అందరికీ దణ్ణాలు

టైప్ 1 షుగరు జబ్బని తేలి ఆసుపత్రిలో ఉన్న మా పాపని మొన్న గురువారం డిశ్చార్జి చేశారు. ఫోన్లు చేసినవాళ్ళందరికీ విడివిడిగా చెప్పలేక ఇక్కడ రాస్తున్నా.

మొదటి దణ్ణం మా ఊరి ఆర్‌ఎంపీ బాబాయికి. పదిహేను రోజులుగా పాప చెంబులకు చెంబులు నీళ్ళు తాగుతోంది. ఏడేళ్ళ పిల్ల మళ్ళీ పక్క తడుపుతోంది, బాత్రూములో చీమలు పడుతున్నాయి. ముందు చూపించిన చోట ఎండదెబ్బ అని ఓఆర్‌ఎస్ రాసి పంపారు. ఆ రాత్రి వాంతులై, పిల్ల ఆయాసపడుతుంటే బాబాయి నోటి దగ్గర వాసన చూసి, వేలు పొడిచి మీటరు పెట్టాడు. అంకె రాలేదు, 'హై' అని పడింది. మీటరు కూడా కొలవలేనంత షుగరు! "ఇక్కడ ఒక్క క్షణం ఆగొద్దమ్మా, గుంటూరు పొండి" అన్నాడు. స్ట్రిప్పు డబ్బులిస్తే తీసుకోలేదు.

వార్డులో డ్యూటీ డాక్టరమ్మకి ఎలా చెప్పుకోవాలో తెలియట్లేదు. మా అత్తగారు అప్పటికి రెండ్రోజులుగా "మామిడిపళ్ళు మేపి మేపి నువ్వే తెచ్చావు" అంటూనే ఉంది. నేనూ అదే అనుకుని కుమిలిపోతున్నా. డాక్టరమ్మ విని, ఒక కాగితం మీద చింతకాయలాంటి బొమ్మ గీసి లోపల చుక్కలు పెట్టింది. "మామ్మగారూ, ఇది తీపి తింటే వచ్చేది కాదండీ. ఇది క్లోమం. ఇన్సులిన్ చేసే బీటా కణాలు ఈ చుక్కల్లో ఉంటాయి. క్రిముల మీద పోరాడాల్సిన టీ కణాలు వీటిని పరాయివనుకుని మీద పడ్డాయి. పుండు చుట్టూ వాస్తుంది చూడండి, లోపలా అలాంటిదే, కాకపోతే నొప్పి తెలీదు. నెలలు, ఏళ్ళు సాగుతుంది. దాహం మొదలయ్యేసరికే చాలా చుక్కలు పోయుంటాయి" అంటూ ఒక్కోటీ కొట్టేసింది. ఒళ్ళు తన కణాల మీదే పడుతోందని చెప్పే గాడ్ యాంటీబాడీ రక్తపరీక్ష కూడా పాజిటివే వచ్చింది.

ఆ వాపు ఆపే మందు లేదా అని మా ఆయన అడిగారు. టెప్లిజుమాబ్ అని 2022లో అమెరికాలో అనుమతిచ్చారట. జబ్బు పైకి కనపడకముందే పరీక్షలో ఆ యాంటీబాడీలు కనిపెట్టి ఇస్తే కొన్నాళ్ళు వెనక్కి నెడుతుందట గానీ, ఇన్సులిన్ చాలక ఒంట్లో కీటోన్లనే ఆమ్లాలు పేరుకునే దాకా వచ్చిన మా పాపకి ఇన్సులినే దిక్కు. ఆశలు పెట్టకుండా ఉన్నదున్నట్టు చెప్పింది, అదే మేలు.

ఆ కాగితం మా అత్తగారు కొంగున ముడేసుకుంది. పలకరించడానికొచ్చినవాళ్ళు మామిడిపళ్ళ మాటెత్తితే ఇప్పుడు ఆవిడే ముడి విప్పి చూపిస్తోంది.

సిస్టరక్క నా చేత ముందు బత్తాయికి పొడిపించింది. మిల్లీలీటరుకి 40 యూనిట్లుండే ఇన్సులిన్ వాయల్‌కి ఎర్రమూత సిరంజీ, 100 యూనిట్లదానికి నారింజమూత, కలిపేస్తే డోసు తారుమారని పదిసార్లు అప్పజెప్పించుకుంది. కొన్ని వారాలకి డోసు తగ్గొచ్చు, మిగిలిన కణాలు కాస్త తేరుకుంటాయి, నయమైపోయిందని మాత్రం ఆపొద్దు అంది. ఇప్పటికే ఒకాయన పసరు వైద్యం చెప్పి వెళ్ళాడు. నమస్కారం పెట్టి పంపేశాం.

కరెంటు పోతే ఇన్సులిన్ పాడవకుండా తడి ఇసుకలో కుండ పెట్టిచ్చిన పక్కింటి వదినకీ, షుగరు మరీ పడిపోతే పెట్టే గ్లూకోజు డబ్బా బీరువాలో కాక తన టేబుల్ మీదే ఉంచుతానన్న బడి టీచరమ్మకీ కూడా దణ్ణాలు.

అర్ధరాత్రి గుంటూరు తీసుకెళ్ళిన ఆటో తమ్ముడూ, నీ నంబరు తీసుకోవడం మర్చిపోయా, కిరాయి బాకీ ఉంది. ఇది చూస్తే ఆదివారం భోజనానికి రా. మీటరు తనే పెట్టుకుంటోంది, నీకు చూపించాలని పాప కూర్చుంది.