డ్రైవర్ ఎవరో తెలియని బస్సులో పిల్లల్ని ఎలా ఎక్కించాలి?

తూప్రాన్,
మెదక్ జిల్లా.

మేనేజర్ గారికి,
స్కూల్ బస్సుల నిర్వహణ సంస్థ,
హైదరాబాద్.

విషయం: తూప్రాన్ - సుచిత్ర రూటులో చెప్పకుండా డ్రైవర్లను మార్చడం, ఆయాను తీసేయడం, పిల్లల్ని బైపాస్ మీద దింపేయడం గురించి.

అయ్యా,

నా ఇద్దరు పిల్లలు హైదరాబాద్‌లో సుచిత్ర జంక్షన్ దగ్గరి బడిలో చదువుతున్నారు. పాప తొమ్మిదో తరగతి, బాబు నాలుగో తరగతి. ఆ బడి బస్సుల పని మొత్తం మీ సంస్థే చూస్తోంది కాబట్టి ఈ ఉత్తరం మీకే రాస్తున్నాను. ఫోన్‌లో చెప్పాను, మీ యాప్‌లో రాశాను. ప్రతిసారీ ఒక కంప్లయింట్ నంబర్ రావడం, తర్వాత ‘మీ సమస్య పరిష్కారమైంది’ అని మెసేజ్ రావడం తప్ప బస్సులో మారింది ఏమీ లేదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

ఇంత దూరం ఎందుకు పంపుతున్నారని మీ ఆఫీసు నుంచి మాట్లాడిన ఒకాయన అడిగారు. మేం కొంపల్లిలో అద్దెకు ఉన్నప్పుడు పిల్లల్ని ఆ బడిలో చేర్పించాం. తర్వాత మా వారికి కాళ్లకల్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగం వచ్చింది. మా అత్తమ్మ, మామయ్యల ఆరోగ్యం కూడా బాగుండటం లేదు. దాంతో తూప్రాన్‌లోని సొంతింటికి వచ్చేశాం. పాపకు వచ్చే ఏడాది పదో తరగతి. ఇప్పుడు బడి మారిస్తే చదువు దెబ్బతింటుందని మా భయం. తూప్రాన్ నుంచి సుచిత్ర సుమారు 35 కిలోమీటర్లు. అంత దూరం పంపడానికి ధైర్యం చేశామంటే మీ బస్సు ఉందనే. అడ్మిషన్ల సమయంలో మీ వాళ్లు ఇచ్చిన కరపత్రం నా దగ్గర ఇంకా ఉంది. ప్రతి బస్సులో ఆయా ఉంటుందని, అనుభవమున్న డ్రైవరే ఏడాదంతా వస్తాడని, ఇంటికి దగ్గరి స్టాపులో దింపుతామని, బస్సు ఎక్కడుందో యాప్‌లో కనిపిస్తుందని అందులో అచ్చు వేశారు. ఆ మాట నమ్మి ఇద్దరికీ కలిపి ఏడాదికి 92,000 రూపాయలు కట్టాం.

దసరా సెలవుల దాకా ఏ ఇబ్బందీ లేదని కూడా చెప్పాలి. అప్పుడు వచ్చే డ్రైవర్ పెద్దాయన. ఏ పిల్ల ఏ స్టాపులో ఎక్కుతుందో, ఎవరి తల్లి పరుగెత్తుకుంటూ వస్తుందో, ఎవరింట్లో తాత తీసుకొస్తాడో ఆయనకు తెలుసు. రెండు నిమిషాలు ఆగి, అప్పటికీ రాకపోతే ఫోన్ చేసేవారు. వాన పడితే మనోహరాబాద్ దగ్గర సర్వీసు రోడ్డు మీదికి నీళ్లు వస్తాయని ముందే చెప్పి, ఓ పావుగంట ముందు రమ్మనేవారు. మా బాబుకు బస్సులో కడుపులో తిప్పుతుంది. ఆయా వాడిని ముందు సీట్లో కిటికీ దగ్గర కూర్చోబెట్టి, చేతిలో ఒక కవర్ పెట్టేది. ఆ ఇద్దరూ ఉన్నన్ని రోజులు పిల్లల్ని బస్సెక్కించాక నేను నిశ్చింతగా నా పని చూసుకున్నాను.

సెలవులయ్యాక బడి తెరిచిన రోజున బస్సు వచ్చింది కానీ ఆయన లేరు, ఆయా లేదు. మేడ్చల్ రూటును మా రూటులో కలిపేశారని బస్సు వచ్చాకే తెలిసింది. 6:50కి వచ్చే బస్సు ఇప్పుడు 6:10కి వస్తోంది. బస్సు మేడ్చల్ లోపలి వీధులన్నీ తిరిగి మళ్లీ హైవే ఎక్కాలి. కండ్లకోయ ఔటర్ రింగ్ రోడ్డు జంక్షన్ దగ్గర లారీల మధ్య ఆగాలి, ఆ తర్వాత కొంపల్లి ట్రాఫిక్ దాటాలి. ఇవన్నీ కలిసి 8:30 బెల్లుకు అందకపోతే లేటు రిమార్కు పడేది మా పిల్లల డైరీలో.

నలభై నిమిషాలే కదా అని మీ వాళ్లు అంటున్నారు. ఆ నలభై నిమిషాలు ఒక ఇంట్లో ఏం చేస్తాయో చెబుతాను. నేను నాలుగున్నరకు లేచి రెండు పూటల బాక్సులు సర్దుతాను, ఎందుకంటే పొద్దున ఆరింటికి ఏ పిల్లాడికీ టిఫిన్ దిగదు. అది బస్సులోనే తినాలి. ఆయా లేని బస్సులో, గతుకుల మీద, ఇద్దరు పట్టే సీటులో ముగ్గురు కూర్చుని ఎలా తింటారు? బాబు బాక్సు చాలా రోజులు అలాగే తిరిగొస్తోంది. పాప సాయంత్రం ఇంటికొచ్చి పుస్తకం ముందు కూర్చుని నిద్రపోతోంది. చదువు కోసమే ఇంత దూరం పంపుతున్నాం. ఆ చదివే గంట కాస్తా రోడ్డు మీదే పోతోంది.

అయినా ఇవన్నీ ఓర్చుకోగలం. ఓర్చుకోలేనిది డ్రైవర్ల సంగతి. దసరా తర్వాత ఎప్పుడు ఎవరు వస్తారో తెలియదు. ఒకరు వారం వస్తారు, మరొకరు రెండు రోజులు. పేరు చెప్పరు, యాప్‌లో మాత్రం పాత డ్రైవర్ ఫొటో, పాత నంబరే ఉన్నాయి. ఆ నంబర్‌కు చేస్తే ఆయన పాపం ఫోనెత్తి, ‘అమ్మా, నేను ఇప్పుడు ఆ బండి మీద లేను’ అంటున్నారు. లొకేషన్ చూస్తే బస్సు పొద్దుటి నుంచి కాళ్లకల్ దగ్గరే ఆగినట్టు కనిపిస్తుంది. కొత్తగా వచ్చిన వాళ్లకు స్టాపులు తెలియవు. దారి చెప్పేది మా పాపే. నలభై మంది పిల్లలున్న బస్సుకు తొమ్మిదో తరగతి పిల్ల దారి చూపడం ఏ విధంగా సరైన పద్ధతి?

ఇక ఈ ఉత్తరం రాయించిన సంఘటన. గత వారం చీకటి పడే వేళకు నేను ఊళ్లో మా స్టాపు దగ్గర నిలబడి ఉన్నాను. ఎంతసేపటికీ బస్సు రాలేదు. చివరికి పిల్లలిద్దరూ బ్యాగులు మోసుకుంటూ బైపాస్ వైపు నుంచి నడిచి వచ్చారు. వాళ్లతో పాటు మూడో తరగతి చదివే మరో పాప కూడా ఉంది. డ్రైవర్ ఊళ్లోకి రాకుండా హైవే పక్కనే ముగ్గురినీ దింపేసి వెళ్లిపోయాడు. నిజామాబాద్, నాగపూర్ వైపు లారీలు ఆగకుండా పోయే 44వ నంబర్ జాతీయ రహదారి అది. మర్నాడు పొద్దున అతన్ని అడిగితే, ‘ఊళ్లకొస్తే లేటైతది మేడం, మాకు పైనుంచే చెప్పిన్రు’ అన్నాడు. అతని మీద నాకు కోపం లేదు. ఆ ‘పైన’ ఎవరో మీరే చెప్పాలి.

ఆ రోజే మీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. అంత కష్టంగా ఉంటే ఆర్టీసీ బస్సులో పంపండి, పాపకు ఎలాగూ టికెట్ ఉండదు కదా అన్నారు. ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం 2023 డిసెంబర్ నుంచి ఉందని మాకూ తెలుసు. పొద్దున పూట ఆ బస్సుల్లో కాలు పెట్టే చోటు ఉండదనీ తెలుసు. తొమ్మిదేళ్ల పిల్లవాడిని ఆ రద్దీలో పంపలేకే మీకు డబ్బు కట్టాం. డబ్బు తీసుకున్న సంస్థ నుంచి రావలసిన జవాబు అది కాదు.

మా భయం ఊరికే పుట్టింది కాదు. మాసాయిపేట మాకు పక్కనే. 2014 జులై 24న అక్కడి కాపలా లేని రైల్వే గేటు దగ్గర నాందేడ్ ప్యాసింజర్ స్కూల్ బస్సును ఢీకొంది. ఆ పిల్లలు వస్తున్నది మా తూప్రాన్‌లోని బడికే. చుట్టుపక్కల ఊళ్లలో బిడ్డల్ని పోగొట్టుకున్న ఇళ్లు ఉన్నాయి. రోజూ వచ్చే డ్రైవర్ ఆ రోజు రాలేదని, బదులుగా వచ్చిన మనిషి బస్సు నడిపాడని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. తర్వాత రైల్వే తన వంతు చేసింది. 2019 జనవరి నాటికి బ్రాడ్‌గేజ్ లైన్ల మీద కాపలా లేని గేట్లన్నీ తీసేశారు. బదులు డ్రైవర్‌ను పంపేటప్పుడు తల్లిదండ్రులకు చెప్పాలన్న చిన్న పనిని మాత్రం మీలాంటి సంస్థలు ఇప్పటికీ చేయడం లేదు. మీ దగ్గర అది ఒక డ్యూటీ చార్టు మార్పు కావచ్చు. మా ప్రాంతంలో కొత్త డ్రైవర్ అనే మాట వింటేనే తల్లులకు గుండె దడ పుడుతుంది.

స్కూల్ బస్సు ఎలా ఉండాలో సుప్రీంకోర్టు 1997లోనే, ఢిల్లీ ట్రాఫిక్ కేసులో వివరంగా చెప్పింది. డ్రైవర్‌కు పెద్ద వాహనాలు నడిపిన అనుభవం కనీసం అయిదేళ్లు ఉండాలి, బస్సులో సహాయకులు ఉండాలి, ఫస్ట్ ఎయిడ్ బాక్సు, మంటలు ఆర్పే సిలిండర్ ఉండాలి, బస్సు మీద బడి పేరు, ఫోన్ నంబర్ రాయాలి. మా బస్సులో ఫస్ట్ ఎయిడ్ బాక్సుకు తాళం వేసి ఉంది. ఆ తాళంచెవి ఎవరి దగ్గరుందో డ్రైవర్‌కు తెలియదు. మన దగ్గర స్కూల్ బస్సుల ఫిట్‌నెస్ ఏటా మే 15తో ముగుస్తుంది, బడులు తెరిచేలోపు రవాణా శాఖ ఆఫీసు (ఆర్టీఏ)లో మళ్లీ తీసుకోవాలి. మీరు తీసుకునే ఉంటారు. కానీ ఆ పరీక్ష బండికే. దసరా తర్వాత స్టీరింగ్ ముందు కూర్చుంటున్న మనుషుల్ని ఎవరు పరీక్షించారన్నది నా ప్రశ్న.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. ఈ సోమవారం నుంచి ఆయాను తిరిగి పంపండి. పాత డ్రైవర్‌ను ఇవ్వగలిగితే ఇవ్వండి, లేదంటే అనుభవమున్న మరొకరిని ఈ విద్యా సంవత్సరం ముగిసే దాకా ఉంచండి. తప్పనిసరై డ్రైవర్‌ను మార్చాల్సి వస్తే పేరు, ఫొటో, లైసెన్స్ నంబర్ ముందు రోజు రాత్రే తల్లిదండ్రులకు పంపండి. బస్సు ఊళ్లోకి వచ్చి మా స్టాపులోనే ఆగాలి. పెద్దవాళ్లు కనిపించకపోతే చిన్న పిల్లల్ని దింపకూడదు. మేడ్చల్ పిల్లలకు వేరే బస్సు వేయండి. వాళ్లకూ ఈ తిప్పలు ఎందుకు? బైపాస్ మీద దింపమని చెప్పింది ఎవరో విచారించి నాకు రాతపూర్వకంగా తెలియజేయండి. ఆయా లేని నెలలకు ఫీజులో ఎంత తిరిగి ఇస్తారో కూడా అందులో రాయండి.

పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. అయిదు లక్షల లోపు కేసులకు అక్కడ ఫీజు కూడా లేదు. కరపత్రం, ఫీజు రసీదులు, యాప్ స్క్రీన్‌షాట్లు, ఫోన్ చేసిన తేదీలు అన్నీ నా దగ్గర ఉన్నాయి. మా స్టాపులోని మరో ఇద్దరు తల్లులు కూడా ఈ ఉత్తరం కింద సంతకాలు పెట్టారు.

ఇట్లు,
తూప్రాన్ స్టాపు పిల్లల తల్లిదండ్రుల తరఫున,
ఒక తల్లి

జతపరిచినవి: ఫీజు రసీదుల నకళ్లు, కరపత్రం నకలు, యాప్ స్క్రీన్‌షాట్లు.
ప్రతులు: బడి ప్రిన్సిపాల్ గారికి, జిల్లా రవాణా అధికారి గారికి.