బుజ్జికి, రాళ్ళ పొట్లంతో పాటు

చి॥ సౌ॥ బుజ్జికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం. మీ అమ్మ మోకాలి నొప్పి అలాగే ఉంది, నడవమంటే నడవదు.

నీ మెసేజ్ చూశాను. గార్నెట్ రఫ్, అంటే సాన పట్టని ముడి రాయి, ఒక కిలో పంపమన్నావు, రాళ్ళు సాన పట్టే హాబీ ఉన్న మీ ఆన్‌లైన్ గ్రూపు వాళ్ళకి అమ్ముతానన్నావు. "ముందు కొన్నాళ్ళు వాళ్ళతో కలిసిపోతే నమ్ముతారు కదా నాన్నా, మూడు నెలలు చాలా?" అని కూడా అడిగావు. ఫోన్లో చెబుదామంటే అటు నీ పిల్లాడు, ఇటు మీ అమ్మ, మధ్యలో నేను సగం చెప్పి సగం మింగేస్తాను. అందుకే రాస్తున్నాను, తీరిగ్గా చదువుకో.

నెలల లెక్క వదిలెయ్. మూడు నెలలు కబుర్లు చెప్పి నాలుగో నెలలో కొట్టు తెరిచేవాళ్ళని జనం ఇట్టే పసిగడతారు. ఇన్నాళ్ళూ ఈ అమ్మాయి మాట్లాడింది ఇందుకా అనుకుంటారు. అప్పుడు ఆ మంచి మాటలే నీకు ఎదురు తిరుగుతాయి. అందుకని మొదటి రోజే చెప్పెయ్, మా నాన్న ఖమ్మంలో రంగురాళ్ళ వ్యాపారం చేసేవాడు, నేనూ ఎప్పుడో ఒకప్పుడు అమ్ముతాను అని. చెప్పాక నీ పని నువ్వు చేసుకో. నీకు సాన పట్టడం అంటే నిజంగా ఇష్టం. శనివారం వచ్చిందంటే గరాజ్‌లో మెషీన్ ముందు కూర్చుంటావని అల్లుడు గారు ఫిర్యాదు కూడా చేశారు. ఆ ఇష్టం కొద్దీ మాట్లాడితే చాలు.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త. ఎవరైనా వేరేవాళ్ళ దగ్గర కొన్న రాయి ఫొటో పెట్టి "ఇది మంచిదేనా" అని అడుగుతారు. నువ్వూ అలాంటి రాయే అమ్ముతుంటే ఆ సంగతి ముందు చెప్పి తర్వాతే నోరు విప్పు. ఫొటో చూసి ఇది కెంపు, ఇది గార్నెట్ అని తేల్చి చెప్పడం అసలే వద్దు. పది మంది చెప్పే ఊహల్లో నీది పదకొండోది అవుతుంది, తప్పయితే మాత్రం నీ పేరే గుర్తుంటుంది.

ఇక రాళ్ళ సంగతి. రఫ్ వ్యాపారంలో చిక్కంతా ఒకటే. అమ్మేవాడికి తెలిసినవన్నీ కొనేవాడికి కనిపించవు. సాన పట్టిన రాయిని లెన్స్ పెట్టి చూసుకోవచ్చు. రఫ్‌కి పైన గరుకు పొర ఉంటుంది, లోపల పగులు ఉందో లేదో సాన మీద పెట్టిందాకా తెలియదు. మీ వాళ్ళు పైగా ఫొటో చూసి కొంటారు. గార్నెట్‌ని ఫొటోలో అందంగా చూపించడం చాలా తేలిక. వెనక ఫోన్ టార్చ్ పెడితే చాలు, బొగ్గు లాంటి రాయి కూడా దానిమ్మ గింజలా మెరుస్తుంది. అది చూసి కొన్నవాళ్ళు సాన పట్టి ఉంగరంలో పెట్టుకుంటే నల్లగుండీలా ఉంటుంది. మన వైపు దొరికే ముదురెరుపు రకం ఆల్మండైన్ గార్నెట్‌తో ఇదే బాధ. రంగు ముదురైతే, రాయి రెండు క్యారెట్లు దాటిందంటే చాలావరకు వెలుగు లోపలికి వెళ్ళి తిరిగి రాదు.

కాబట్టి ఫొటో తీసేటప్పుడు ఉత్తరం వైపు కిటికీ దగ్గర, ఎండ పడకుండా, తెల్ల కాయితం మీద పెట్టి తియ్యి. జైపూర్‌లో పెద్ద వ్యాపారులు ఇప్పటికీ ఆ వెలుతురులోనే పొట్లం విప్పుతారు. అదే రాయిని పొడిగా ఒకటి, నీళ్ళలో పెట్టి ఒకటి, వెనక లైటు పెట్టి ఒకటి తియ్యి. ఏది ఎలా తీశావో కింద రాయి. తడి రాయి ఎప్పుడూ అందంగా ఉంటుంది, గరుకుదనం కనిపించదు, పైపై చీలికలు కూడా కనిపించవు. తడి ఫొటో ఒక్కటే పెట్టేవాళ్ళు ఏం దాస్తున్నారో తెలిసినవాళ్ళకి తెలుసు. తూకం కూడా ఫొటోలో కనపడాలి, రాయి త్రాసు మీదే ఉండాలి.

వీటన్నిటికంటే గట్టిగా పనిచేసేది ఇంకొకటుంది, అది నీకు చేతనవును, మా కాలం దళారులకి చేతకాలేదు. ప్రతి లాట్‌లోంచి ఒక మామూలు రాయి తియ్యి. బాగున్నది ఏరకు, మధ్యరకం తియ్యి. నువ్వే సాన పట్టు. మొదలుపెట్టే ముందు తూకం ఇంత, అయ్యాక ఇంత, పైనుంచి చూస్తే ఇలా ఉంది, లోపల ఇక్కడ చిన్న పోగు (రాయిలో ఇరుక్కున్న వేరే ఖనిజం) తగిలింది, దాన్ని తప్పించడానికి ఇంత పోయింది అని వరసగా చూపించు. గ్రాము అంటే 5 క్యారెట్లు. ఆకారం బొద్దుగా ఉన్న మంచి రాయి అయితే క్యారెట్ నుంచి క్యారెట్టున్నర దాకా మిగులుతుంది. పలచటి పెచ్చు అయితే అందులో సగం కూడా రాదు. కొత్తగా సాన పట్టేవాళ్ళు గ్రాము రేటు చూసి చవకగా వచ్చిందనుకుంటారు, చివరికి చేతిలో మిగిలేదాన్ని బట్టి లెక్కేస్తే ఆ రేటు మంచి రాయికే మూడు నుంచి అయిదు రెట్లవుతుంది. ఆ లెక్క నీ అంతట నువ్వే చెప్పావనుకో, రేటు తగ్గించమని అడిగేవాళ్ళు కూడా తగ్గుతారు.

నాకు జైపూర్ జోహరీ బజార్‌లో ఒక సేఠ్ ఉండేవాడు. ఎక్కువ మాట్లాడేవాడు కాదు. పొట్లం విప్పి రాళ్ళన్నీ తెల్లగుడ్డ మీద పోసేవాడు. చూపుడువేలితో ఒక్కో రాయినీ తోసుకుంటూ మూడు కుప్పలు చేసేవాడు. నా టీ చల్లారే లోపల అయిపోయేది. ఆ తర్వాత మొత్తానికి కలిపి ఒక రేటు చెప్పేవాడు. అది ఎప్పుడూ మూడో కుప్ప రేటుకి దగ్గరగానే ఉండేది. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. ఆలోచిస్తే ఆయన లెక్క సరైనదే. కలిపి తెచ్చావంటే అందులో ఏదో దాచావనే అర్థం, దాచింది ఎంతో తెలియదు కాబట్టి అంతా దాచావనుకునే కొనాలి. ఆ మూడు కుప్పలూ నేనే చేసుకుని మూడు పొట్లాలుగా తీసుకెళ్ళడం మొదలుపెట్టాక మొదటి కుప్పకి మొదటి కుప్ప ధరే వచ్చింది. అదే సేఠ్ కొన్నాళ్ళకి సరుకు జంగడ్ మీద తన దగ్గర వదిలి వెళ్ళమన్నాడు, తనవి జంగడ్ మీద నాకూ ఇచ్చాడు. జంగడ్ అంటే తెలుసుగా, డబ్బు తీసుకోకుండా సరుకు ఇచ్చి పంపడం. చేతిలో ఒక చీటీ తప్ప ఏమీ ఉండదు.

నువ్వూ అలాగే వేరుచెయ్యి. ఫేసెట్‌కి (పలకలు పలకలుగా సాన పట్టడానికి) పనికొచ్చేవి ఒకటి, కాబోషన్‌కి (పలకలు లేకుండా గుండ్రంగా నున్నగా చెయ్యడానికి) ఒకటి, నేర్చుకునేవాళ్ళు పాడుచేసుకోవడానికి ఒకటి. మూడోదాని మీద అదే మాట రాయి, సిగ్గుపడకు. ఆ మూడోదే ముందు అమ్ముడుపోతుంది చూడు. ఇంకో సంగతి, లాట్‌లోంచి మంచివి ముందే ఏరి పక్కన పెట్టుకుంటే ఏరేశానని చెప్పు. మంచివి తీసేసుకుని మిగిలిన దాన్ని గని నుంచి వచ్చింది వచ్చినట్టే అని అమ్మేవాళ్ళు చాలామంది ఉన్నారు. అది అబద్ధం.

పంపే ముందు ప్రతి రాయినీ అయస్కాంతం దగ్గర పెట్టి చూస్తున్నాను, నువ్వూ చూడు. చిన్న థర్మాకోల్ ముక్క నీళ్ళ గిన్నెలో వేసి, దాని మీద రాయి పెట్టి, నియోడిమియం అయస్కాంతం మెల్లగా దగ్గరికి తీసుకురా. ఆల్మండైన్‌లో ఇనుము ఉంటుంది కాబట్టి తెప్ప లాగా తేలుతూ అయస్కాంతం వెంట వస్తుంది. గాజు ముక్క అయితే కదలదు. కెంపూ కదలదు, కెంపు దొరికితే బాధ లేదనుకో. గార్నెట్ లాట్లలో ఎర్ర గాజు కలవడం కొత్తేమీ కాదు, చేతులు మారేటప్పుడు ఎవరో ఒకరు కలుపుతారు. వంద రాళ్ళలో ఒక్క గాజు ముక్క వెళ్ళిందంటే మిగిలిన తొంభైతొమ్మిదీ అనుమానంలో పడతాయి.

ఇప్పుడు కథల విషయం. ఇది నీకు ముఖ్యంగా చెప్పాలి, ఎందుకంటే నీకు కథలంటే సరదా. కొత్తగూడెం దగ్గర గరీబ్‌పేట గుట్ట ఉంది కదా, చిన్నప్పుడు నిన్ను తీసుకెళ్ళాను, నీ జేబులన్నీ రాళ్ళతో నింపుకున్నావు. పుదుచ్చేరి దగ్గర అరికమేడు తవ్వకాల్లో దొరికిన పురాతన గార్నెట్లకి మూలం ఈ గుట్టేనని 2017లో పరిశోధకులు ప్రచురించారు. రాళ్ళ రసాయన కూర్పు, లోపలి పోగులు రెండుచోట్లా సరిపోలాయి. మన పాత ఉమ్మడి జిల్లా రాయి అంతదూరం వెళ్ళి పూసలు అయిందంటే వినడానికి ఎంత బాగుంటుంది! అమ్మడానికి ఇంకా బాగుంటుంది. కానీ నేను పంపే రాళ్ళలో కొన్ని చేతులు మారి వచ్చినవి. తెచ్చినవాడు ఖమ్మం వైపువి అన్నాడు, తవ్విన చోటు నేను చూడలేదు. వాటి పొట్లం మీద "ఖమ్మం ప్రాంతం అని అమ్మినవాడు చెప్పాడు" అనే రాశాను. నువ్వూ అంతే రాయి. గుట్ట పేరు, పూసల కథ వాటికి తగిలించకు. గుట్టవే అని నాకు తెలిసినవి వేరే పొట్లంలో ఉన్నాయి, కొద్దిగానే ఉన్నాయి.

అలాగే "అన్‌హీటెడ్", అంటే వేడి చెయ్యనిది, అని పెద్ద అక్షరాలతో పెట్టేవాళ్ళని చూశాను. నీలానికి, కెంపుకి ఆ మాట విలువైనదే, వాటిని వేడిచేసి రంగు తేవడం మామూలు. ఆల్మండైన్ గార్నెట్‌ని ఎవరు కాలుస్తారు, ఎందుకు కాలుస్తారు? లేని గొప్ప చెప్పుకుంటే తెలిసినవాళ్ళు నవ్వుకుంటారు, తెలియనివాళ్ళు మోసపోతారు. రెండూ మనకొద్దు.

కెంపులు కూడా పంపమన్నావు. మన వైపు కొరండం (కెంపు, నీలం ఈ ఖనిజమే) చాలావరకు వెలుగు పోనిదే, కాబోషన్‌కి పనికొస్తుంది, అది పంపుతాను. బయట నుంచి కొని అమ్మే ఆలోచన మాత్రం ఇప్పుడు పెట్టుకోకు. 2004 ప్రాంతం నుంచి పగుళ్ళలో సీసం కలిసిన గాజు నింపిన కెంపులు మార్కెట్‌లోకి వచ్చాయి. చూడ్డానికి బాగుంటాయి, నిమ్మరసం తగిలినా ఆ గాజు పాడవుతుంది. ఇంకో రకం, ఫ్యాక్టరీలో మంట మీద పెంచిన కెంపు. ఈ పద్ధతి 1902 నుంచి ఉన్నదే. దాన్ని పగలగొట్టి, పైన గరుకు చేసి, గనిలో దొరికిందని అమ్ముతారు. ఇవి కనిపెట్టాలంటే మైక్రోస్కోపు, అలవాటు రెండూ కావాలి. మీ అమెరికాలో ఎఫ్‌టీసీ (వ్యాపారంలో మోసాలు చూసే ప్రభుత్వ సంస్థ) నగల గైడ్స్ ప్రకారం విలువ మీద గట్టిగా ప్రభావం చూపే ట్రీట్‌మెంట్, అంటే వేడిచెయ్యడం, గాజు నింపడం లాంటిది, ఉంటే కొనేవాళ్ళకి చెప్పాలి. చెప్పాలంటే ముందు మనకి తెలియాలి కదా.

వజ్రాల మాట ఎత్తకు. మీ మేనమామ తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో వెతకడానికి వెళతానంటున్నాడు, దొరికితే నీకు పంపుతానని జోకులేస్తున్నాడు. ముడి వజ్రం కింబర్లీ ప్రాసెస్ సర్టిఫికెట్ (యుద్ధాలకి డబ్బు సమకూర్చే వజ్రం కాదని ప్రభుత్వం ఇచ్చే పత్రం) లేకుండా దేశం దాటకూడదు, 2003 నుంచి అదే పద్ధతి.

రేటు అందరికీ ఒకటే పెట్టు, అందరికీ కనపడేలా పెట్టు. ఇక్కడిలా బేరాలాడి తగ్గిస్తే మొదట కొన్నవాడికి తెలుస్తుంది, వాడు మళ్ళీ రాడు. నచ్చకపోతే వాపసు తీసుకో, కారణం అడగకు. సాన మీద పెట్టాక మాత్రం వాపసు లేదని ముందే రాయి. సాన పట్టేటప్పుడు రాయి పగిలితే అది రఫ్ కొన్నవాళ్ళ అదృష్టం, అందరికీ తెలిసిందే. కానీ నువ్వు చెప్పని గాజో, చెప్పని ట్రీట్‌మెంటో బయటపడితే సాన పట్టినా సరే, ముక్కలైనా సరే, డబ్బు తిరిగిచ్చెయ్. మొదటి రెండు మూడు లాట్లలో లాభం చూడకు. అలాగని ఉచితంగా పంచి మంచి మాట రాయమని అడగకు, నీ ఫ్రెండ్స్ చేత పొగిడించుకోకు. ఎవరైనా బాగాలేదని రాస్తే రాయనీ. జవాబు ఒక్కసారి ఇవ్వు, వాదన పెట్టుకోకు.

కిలో పంపడం లేదు, పావుకిలో పంపుతున్నాను. ఇన్‌వాయిస్‌లో రఫ్ గార్నెట్ అని, అసలు విలువ వేసే పంపుతున్నాను. గిఫ్ట్ అని రాస్తే సుంకం తప్పుతుందని కొరియర్ కుర్రాడు సలహా ఇచ్చాడు, వద్దన్నాను. అక్కడ సుంకం ఎంత పడుతుందో కనుక్కుని రేటులో కలుపుకో. మీ అమ్మ గోంగూర పచ్చడి కూడా అందులోనే పెట్టమంటోంది. రాళ్ళతో పచ్చడి కుదరదని చెప్పినా వినడం లేదు, ఆ సంగతి నువ్వే ఫోన్ చేసి చెప్పు.

గుట్ట రాళ్ళ పొట్లానికి నీలం దారం కట్టాను. అందులో ముదురువి తక్కువే, ఊదా ఛాయ ఉన్నవి రెండున్నాయి. అవి అమ్ముతావో ఉంచుకుంటావో నీ ఇష్టం. అందగానే అన్నీ మళ్ళీ తూచి చూసుకుని, నా చీటీ మీద తూకంతో తేడా ఉంటే చెప్పు, నా త్రాసు పాతది.

ఆశీస్సులతో,
నాన్న