మేడమీద గది వద్దు, చిన్నా

రాయగడ,
శుక్రవారం రాత్రి

చిన్నాకి అమ్మ దీవెనలు.

నువ్వు పంపిన కొటేషన్ రెండుసార్లు చదివాను. బరంపురం ఆఫీసు మేడమీద గదిని సర్వర్ రూమ్ చేద్దామని రాశావు. ఒకటిన్నర టన్నుల స్ప్లిట్ ఏసీ, ఐదు కేవీఏ యూపీఎస్, సందువైపు ఒక జనరేటర్, ఒక ఫైబర్ లైను, తలుపుకి వేలిముద్ర తాళం. దేనికది చూస్తే అన్నీ మంచి సామాన్లే ఎంచావు. కానీ ఆ కాగితంలో సంఖ్య అన్న గడి కింద పైనుంచి కిందదాకా 1, 1, 1 అనే ఉంది. నాకు భయం వేసింది అక్కడే. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, నాలుగూళ్ల కొట్ల బిల్లింగూ స్టాకూ బాకీల ఖాతా అంతా ఆ గదిలో ఉంటుంది. ఆ ఒకట్లలో ఏ ఒక్కటి ఆగినా నాలుగు కొట్లూ ఆగుతాయి.

అంతంత కంపెనీలు కూడా సర్వర్లను సొంత భవనంలో ఉంచుకోకుండా పదిమందితో కలిసి డేటా సెంటర్లో, అంటే సర్వర్ల కోసమే కట్టిన భవనంలో, ర్యాకు (సర్వర్లు బిగించే బీరువా) అద్దెకు తీసుకునేది ఇందుకే. ప్రతిదానికీ రెండోది ఉండాలి. రెండో ట్రాన్స్‌ఫార్మర్, రెండో జనరేటర్, చల్లబరిచే యంత్రం, అదే చిల్లర్, రెండోది, రాత్రి రెండింటికి మెలకువగా ఉండే మనిషి. ఇవన్నీ ఒక్కరు కొనుక్కుంటే ఇల్లు గుల్లవుతుంది. వందల మంది అద్దెదారుల మీద ఆ ఖర్చు పరుచుకుంటే మన వాటాకి వచ్చేది మోయగలం.

నీ గది లెక్కే వేద్దాం. నాలుగు సర్వర్లు ఒక్కోటి 350 వాట్లు, స్టోరేజీ, స్విచ్‌లు, చొరబాట్లని ఆపే ఫైర్‌వాలూ కలిపి 600, మొత్తం 2 కిలోవాట్లు. సర్వర్ లాగిన కరెంటంతా చివరికి వేడిగానే బయటికొస్తుంది. కిలోవాటుకి గంటకు 3,412 బీటీయూల (వేడి కొలత) చొప్పున 6,824. టన్ను ఏసీ అంటే 12,000 కనక ఒకటిన్నర టన్ను ధారాళంగా సరిపోతుందని నువ్వు అనుకున్నావు. అంకె తప్పు కాదు. కానీ దానిమీద మే నెల స్లాబు వేడి ఉంది, పైన నీళ్ల ట్యాంకు ఉంది. ఇంటి ఏసీ రోజుకి ఎనిమిది, పది గంటలు నడవడానికి చేసింది. సర్వర్లకి ఏడాదికి 8,760 గంటలు నడవాలి. కంప్రెసర్ ఆగిందంటే పది అడుగుల గదిలో గాలి పావుగంట, అరగంటలోనే 40 డిగ్రీలు దాటుతుంది. సర్వర్ ముందు భాగానికి తగిలే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. ఇంకో సంగతి: ఇండోర్ యూనిట్‌ని సరిగ్గా ర్యాకు నెత్తిన గీశావు. డ్రెయిన్ పైపులో నాచు పట్టిందంటే ట్రే నిండి నీళ్లు నేరుగా సర్వర్ల పవర్ సప్లైల మీద కారతాయి. ఎక్కడ పెట్టినా సరే, యంత్రాల పైన మాత్రం పెట్టకు.

యూపీఎస్ బ్యాటరీల సంగతీ వేడితోనే ముడిపడి ఉంది. సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీకి కంపెనీ చెప్పే ఆయుష్షు 25 డిగ్రీల దగ్గర చెప్పేది. పది డిగ్రీలు పెరిగితే ఆ ఆయుష్షు సుమారు సగమవుతుంది. పైగా అవి వరసగా ఒకదానికొకటి కలిపి ఉంటాయి. పదహారింట్లో ఒకటి చచ్చినా వరసంతా పడిపోతుంది, అదీ కరెంటు పోయిన క్షణంలోనే తెలుస్తుంది. జనరేటర్ లేచి లోడు తీసుకునేదాకా పది, పదిహేను సెకన్లు ఆ బ్యాటరీలే మోయాలి. జనరేటర్ లేవకపోవడానికి ఇంజను చెడిపోవడం కంటే స్టార్టర్ బ్యాటరీ దిగిపోవడమే మామూలు కారణం. అందుకే మంచి డేటా సెంటర్లో జనరేటర్‌ని ఊరికే మోగించి ఆపరు, నిజమైన లోడు పెట్టి క్రమం తప్పకుండా నడిపి చూస్తారు. చూడటానికి వెళ్లినప్పుడు ఆ పరీక్షల పుస్తకం చూపించమని అడుగు. ఇవ్వడానికి నసిగితే ఆ చోటు వదిలెయ్.

ఇంత చెప్పినా, డబ్బుంది కదా, బరంపురంలోనే అన్నీ రెండేసి పెడతానంటావేమో. గోపాల్‌పూర్ బరంపురానికి కూతవేటు దూరం. 2013 అక్టోబర్ 12న పైలీన్ తుఫాను తీరం దాటింది అక్కడే. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి కొండల్లో వరదలు, కొండచరియలు తెచ్చింది. తరవాతి ఏడు మే 3న ఫొని పూరీ మీద పడింది. అలాంటప్పుడు స్తంభాలు ఒరిగి రోజుల తరబడి కరెంటు రాదు, దారిలో చెట్లు పడి డీజిల్ రాదు, ఫైబర్ తెగుతుంది. రెండో జనరేటర్ కూడా అదే గాలివానలో తడుస్తుంది. ఉప్పుగాలి సంగతి సరేసరి, మెమరీ కార్డుల బంగారు పళ్లు కూడా మసకబారతాయి. పీఠభూమి మీద, సముద్రానికి దూరంగా ఉన్న హైదరాబాద్ నీకు మేలు. విశాఖ దగ్గరే కదా అనిపిస్తుంది, కానీ 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ దాటింది దానిమీదనే. మీకూ దానికీ ఒకే తీరం.

ఇప్పుడు ఎంత చోటు కావాలో చూద్దాం. ర్యాకు వెడల్పు 19 అంగుళాలు, ఎత్తు 42 యూలు, ఒక యూ అంటే అంగుళంముప్పావు. నీ సర్వర్లలో రెండు రెండేసి యూలు, రెండు ఒక్కో యూ, అవి ఆరు. స్టోరేజీ రెండు, స్విచ్‌లు రెండు, ఫైర్‌వాల్స్ రెండు. మొత్తం 12. పావు ర్యాకు పట్టదు. సగం ర్యాకు, 21 యూలది, తీసుకో. దానికి వేరే తలుపు, వేరే తాళం ఉండాలి. అద్దెలో అసలు బరువు చోటుది కాదు, కరెంటుది. ఎన్ని కిలోవాట్లకి ఒప్పుకుంటున్నావో, దాటితే ఏం వేస్తారో, చల్లబరిచే ఖర్చు అందులోనే ఉందో లేదో ముందే తేల్చుకో.

ర్యాకులో కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి కరెంటు పట్టీలు ఉంటాయి. ఒకటి ‘ఏ’ (A) లైను, ఇంకోటి ‘బీ’ (B) లైను. వేర్వేరు యూపీఎస్‌ల నుంచి, వేర్వేరు దారుల్లో వస్తాయి. ప్రతి సర్వర్‌కీ రెండు పవర్ సప్లైలు ఉంటాయి కదా, ఒక తీగ ‘ఏ’కి, ఇంకోటి ‘బీ’కి. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు, జాగ్రత్తగా చదువు. పట్టీ 16 ఆంపియర్లది అనుకో. ‘ఏ’ మీద 10, ‘బీ’ మీద 10 నడుస్తుంటే రెండూ చల్లగా కనిపిస్తాయి. మరమ్మతు కోసం వాళ్లు ‘ఏ’ లైను ఆపిన రోజున 20 ఆంపియర్లూ ‘బీ’ మీద పడి దాని బ్రేకరూ పడిపోతుంది. రెండు లైన్లకి డబ్బు కట్టి ఒక్కటీ లేకుండా పోతుంది. అందుకని రెండూ కలిపి కూడా ఒక పట్టీ మోయగలిగిన దాంట్లో 80 శాతం లోపే ఉండాలి. నీ 2 కిలోవాట్లు 230 వోల్టుల దగ్గర తొమ్మిది ఆంపియర్లు కూడా కావు, నిశ్చింత. చిన్న ఫైర్‌వాల్‌కి ఒకే అడాప్టర్ ఉంటుంది. దానికి రెండు లైన్ల నుంచీ తీసుకుని మార్చే చిన్న ట్రాన్స్‌ఫర్ స్విచ్ ర్యాకులో బిగించు.

బిగించిన రోజే పరీక్ష చెయ్. ‘ఏ’ లైను పట్టీలోంచి ఒక సర్వర్ తీగ లాగు. వెనక పచ్చగా వెలిగే దీపాల్లో ఒకటి ఆరుతుంది, లేదా నారింజకి మారుతుంది, ముందువైపు హెచ్చరిక వెలుగుతుంది, అంతే, యంత్రం నడుస్తూనే ఉండాలి. నీ ఫోనుకి మెయిల్ వచ్చిందో లేదో చూసుకో. రాకపోతే ఆ పని అయ్యాకే ఇంటికి బయల్దేరు. ఒక సప్లై పోయిన సంగతి ఆరు నెలలు ఎవరికీ తెలియక, రెండోది పోయినప్పుడు బయటపడటం చాలా చోట్ల జరిగేదే.

గాలి దారి కూడా చూడు. చల్లగాలి ముందునుంచి వచ్చి వేడిగాలి వెనక్కి పోయేలా నడవలు కడతారు. ఖాళీ యూలకి మూతపలకలు బిగించకపోతే వేడిగాలి ఆ సందుల్లోంచి ముందుకి తిరిగొచ్చి నీ సర్వర్లే మళ్లీ పీల్చుకుంటాయి. కొన్ని స్విచ్‌లు తీగలవైపు నుంచి గాలి లాగుతాయి. అలాంటిదాన్ని వెనకవైపు బిగిస్తే వేడిగాలే తాగుతుంది. కొనేముందే ఫ్యాన్ దిశ అడుగు.

నెట్ లైన్లు ఇంకో పెద్ద లాభం. అన్ని కంపెనీల ఫైబరూ ఆ భవనంలోకి వచ్చే ఉంటుంది, నీ ర్యాకుదాకా ఒక తీగ లాగించుకోవడమే. కాకపోతే ఆ తీగకీ నెలనెలా అద్దె వేస్తారు. ఇద్దరి దగ్గర లైన్లు తీసుకుంటే సరిపోదు, ఆ ఇద్దరి ఫైబరూ ఒకే కాలవలో పోతుంటే జేసీబీ ఒక్క దెబ్బకి రెండూ తెగుతాయి. భవనంలోకి రెండు వైపుల నుంచి వస్తున్నాయని మ్యాపు మీద చూపించమను. బిల్లు 95వ శాతం పద్ధతిలో వేస్తామంటే కంగారుపడకు. అయిదు నిమిషాలకొక కొలత చొప్పున 30 రోజులకి 8,640 కొలతలు. అందులో అన్నిటికంటే రద్దీగా ఉన్న 432 తీసేసి, మిగిలినవాటిలో పెద్దదానికే బిల్లు వేస్తారు, అంటే 36 గంటల రద్దీ ఉచితం. రాత్రి బ్యాకప్ రోజూ గంట లోపు ముగిస్తే అది బిల్లులోకే రాదు. గంటన్నర సాగితే నెలకి 45 గంటలవుతుంది, అప్పుడు ఆ రద్దీయే నీ బిల్లు.

దూరం వల్ల వచ్చే చిక్కు ఒకటి ఉంది, దాచను. ఫైబర్లో వెలుగు వెయ్యి కిలోమీటర్లు వెళ్లి రావడానికి పది మిల్లీసెకన్లు. దారిలో రౌటర్లు, వంకరలు కలిపి పాతిక అనుకో. వెబ్ పేజీకి అది తెలియదు. కానీ మీ పాత బిల్లింగ్ ప్రోగ్రాం కొట్లోని కంప్యూటర్ నుంచి నేరుగా డేటాబేస్‌తో మాట్లాడుతుంది. ఒక బిల్లుకి ఒకదాని తరవాత ఒకటి 200 ప్రశ్నలు అడిగితే 200 సార్లు పాతిక, అయిదు సెకన్లు. కౌంటర్ దగ్గర అయిదు సెకన్లంటే ఎంతసేపో నీకే తెలుసు. ప్రోగ్రాం సర్వర్‌ని డేటాబేస్ పక్కనే అదే ర్యాకులో పెట్టి, కొట్లోకి తెర మాత్రం రిమోట్ డెస్క్‌టాప్‌తో తెప్పించు. మార్చకముందు గుణుపురం కొట్లో ఒక వారం నడిపి చూడు. ప్రతి కొట్లో ఫైబర్ లైనుకి తోడుగా వేరే కంపెనీ సిమ్ వేసిన 4జీ రౌటర్ ఉండాలి. సర్వర్ ఎంత బాగా నడిచినా కొట్టు లైను తెగితే బిల్లు పడదు, డేటా సెంటర్ ఆ పని చెయ్యలేదు.

క్లౌడ్, అంటే యంత్రాలు కూడా వాళ్లవే అద్దెకి తీసుకోవడం, ఎందుకు చెప్పలేదని అడుగుతావు. రాత్రీపగలూ ఒకే లోడుతో నడిచే సొంత యంత్రాలు నీకు ఇప్పటికే ఉన్నాయి, కనక ర్యాకు. ఒక్క సర్వరే ఉండి ఉంటే క్లౌడే తీసుకోమనేదాన్ని.

ఒప్పందంలో నాలుగు చోట్ల వేలు పెట్టి చదువు. 99.9 శాతం సమయం నడుస్తుందని హామీ ఇస్తే ఏడాదికి ఎనిమిది గంటల ముప్పావు ఆగవచ్చు, 99.99 అంటే 53 నిమిషాలు. ఆగితే వాళ్లిచ్చేది అద్దెలో కొంత తగ్గింపే, నీ నష్టం కాదు. భవనానికి బీమా ఉంటుంది, నీ యంత్రాలకి నువ్వే చేయించుకోవాలి. అక్కడి టెక్నీషియన్ చేత బటన్ నొక్కించినా, డిస్కు మార్పించినా ఎంత సమయానికి ఎంత వేస్తారో రాయించుకో. టియర్-3 అనే స్థాయి సర్టిఫికెట్ ఉందంటే ఏ భాగాన్నైనా మరమ్మతుకి ఆపినా నీ లోడు ఆగకూడదని అర్థం. ఆ సర్టిఫికెట్ డ్రాయింగులకి వేరే, కట్టిన భవనానికి వేరే ఇస్తారు. గోడమీద తగిలించింది ఏదో దగ్గరికెళ్లి చదువు.

తరలించే వారానికి క్రమం రాస్తున్నాను. రెండు రోజుల ముందు డీఎన్ఎస్ (సర్వర్ పేరుకి చిరునామా చెప్పే వ్యవస్థ) పాత చిరునామాని గుర్తుంచుకునే సమయాన్ని 300 సెకన్లకి తగ్గించు. పూర్తి బ్యాకప్ తీసి, ఇంకో యంత్రంలో దాన్ని తిరిగి లేపి చూడు. లేవని బ్యాకప్ ఉన్నా లేనట్టే. రిమోట్ మేనేజ్‌మెంట్ పోర్టులకి బరంపురంలోనే ఐపీ చిరునామాలు ఇచ్చి, పాస్‌వర్డ్‌లు మార్చి, వాటిని ఇంటర్నెట్‌కి తగలకుండా వీపీఎన్ అనే రహస్య దారి వెనక ఉంచు. హైదరాబాద్‌లో సర్వర్ వేలాడిపోతే బరంపురం నుంచి దాన్ని లేపేది ఆ పోర్టే. ప్రతి తీగకీ రెండు కొసలా లేబుల్ అంటించు. సీరియల్ నంబర్ల జాబితా ముందే పంపితేనే గేటు లోపలికి రానిస్తారు. ర్యాకుకి సర్వర్లు బిగించే కేజ్ నట్లు యాభై తీసుకెళ్లు, సగం చేతిలోంచి ఎగిరి నేలకింద పడతాయి. బరువైనవి కింది యూల్లో పెట్టు. డిస్కులతో నిండిన రెండు యూల సర్వర్‌ని ఒక్కడివే ఎత్తకు, నీ నడుం సంగతి నాకు తెలుసు. బండి దిగాక పెట్టెలు విప్పి రెండు మూడు గంటలు అక్కడి చల్లదనానికి అలవాటు పడనిచ్చాకే కరెంటివ్వు, లోపల తేమ పట్టి ఉండొచ్చు.

ఆఖరిది నేను అన్నిటికంటే గట్టిగా పట్టుబట్టేది. 2021 మార్చి 10న ఫ్రాన్సులో స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ కంపెనీ డేటా సెంటర్ భవనం ఒకటి నిలువునా కాలిపోయింది. బ్యాకప్ కూడా అదే ఆవరణలో పెట్టుకున్నవాళ్లలో చాలామందికి రెండూ పోయాయి. ఎంత పెద్ద చోటైనా అది ఒక్క చోటే. అందుకని రోజూ రాత్రి ఒక నకలు బరంపురం ఆఫీసులోని స్టోరేజీ పెట్టెలోకి రావాలి. మేడమీద గది దానికి వద్దు, కింద మెట్ల పక్క గది చాలు, నేలకి రెండడుగుల ఎత్తున. మూడో నకలు డిస్కులో తీసి ప్లగ్గు పీకి ఉంచాలి, ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగే రాన్సమ్‌వేర్ తగిలినా దాన్ని ముట్టుకోలేదు. అలాంటివి రెండు కొను. నెలకోసారి నువ్వు రాయగడ వచ్చినప్పుడు కొత్తది ఇచ్చి పాతది తీసుకెళ్లు. నా బీరువాలో పై అర ఖాళీ చేసి ఉంచాను.

కొటేషన్ వాళ్లకి ఇంకా అడ్వాన్సు ఇవ్వలేదు కదా? ఇవ్వకు. హైదరాబాద్‌లో రెండు చోట్ల సగం ర్యాకు, 2 కిలోవాట్లు, రెండు లైన్ల ధర తెప్పించి నాకు పంపు.

మీ
అమ్మ