కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక, 2024–25: దామెర్ల రామారావు శతవర్ధంతి ఏడాది

గౌరవ సభ్యులకు నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా సంఘం చేసిన పనుల నివేదిక ఇది. మురుగు కాలువల పూడిక తీయించడం, వీధిదీపాలు, పార్కు కంచె, ట్యాంకు కడిగించడం ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా చదువుతారు. వానాకాలంలో రెండో వీధి మలుపులో నీళ్లు నిలవడం మాత్రం ఈసారీ తప్పలేదు, దాని సంగతి చివర్లో చెబుతాను. నివేదికలో పెద్ద భాగం ఒకే కార్యక్రమానికి పోతోంది. ఎందుకని అడగబోయేవారికి ముందే మనవి: కార్యవర్గం అనుకునే చేసింది.

2025 ఫిబ్రవరి 6కి చిత్రకారుడు దామెర్ల రామారావు పోయి నూరేళ్లు. రాజమండ్రిలో 1897 మార్చి 8న పుట్టిన మనిషి. ఇరవై ఎనిమిదో ఏడు నిండడానికి ఇంకో నెల ఉందనగా మశూచి పొట్టన పెట్టుకుంది. ఊరివాళ్లమై ఉండి నూరేళ్లకైనా ఒక సాయంత్రం ఆయనకివ్వకపోతే బాగుండదని కార్యవర్గం తీర్మానించింది. గణితంలో రామానుజన్ కూడా 32 ఏళ్లకే పోయారు కదా, ఆయన పేరైతే అందరికీ తెలుసు కదా అని యువజన విభాగం వాళ్లన్నారు. నిజమే. తెలుసు కాబట్టే ఆయనకు మన అవసరం లేదని పెద్దలు జవాబిచ్చారు.

సభకు వారం ముందు పార్కు గేటుకు ఫ్లెక్సీ కట్టించాం. అచ్చేసినవాళ్లు అంకెలు తారుమారు చేసి 27 ఏళ్లకు బదులు 72 ఏళ్లని వేశారు. పొద్దున నడకకు వచ్చిన ఒక పెద్దాయన అది చదివి, "పోన్లెండి, నిండుగా బతికి వెళ్లారు" అని దణ్ణం పెట్టుకుని వెళ్లారు. ఫ్లెక్సీ మార్పించాక మర్నాడు మళ్లీ వచ్చి, చాలాసేపు గేటు దగ్గరే ఉండిపోయారు. "ఇదేంటండీ, మా మనవడి ఈడు" అన్నారు. సభకు అందరికంటే ముందు వచ్చి కూర్చున్నదీ ఆయనే.

సభకు ఒక షరతు పెట్టాం. వక్తలెవరూ "బతికి ఉంటే ఎంతవాడయ్యేవాడో" అనకూడదు. చిన్న వయసులో పోయినవాళ్ల సభల్లో ఆ మాట వినీ వినీ విసుగెత్తింది. చేయని పనుల గురించి బాధపడే తొందరలో చేసిన పనిని ఎవరూ చూడరు. ఒకరిద్దరికి నోటిదాకా వచ్చి ఆగిన సంగతి సభ్యులు గమనించే ఉంటారు. మొత్తానికి మాట దాటలేదు.

చేసిన పని ఏమిటో అక్కడ మాట్లాడినవారి మాటల్లోంచి కొంత ఇక్కడ నమోదు చేస్తున్నాను. రాజమండ్రి ప్రభుత్వ కళాశాలకు ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషు దొర ప్రిన్సిపాల్‌గా ఉండేవారు. స్వయంగా బొమ్మలు వేసేవారు, కుర్రాళ్లలో ఆ గుణం కనిపిస్తే వదిలిపెట్టేవారు కాదు. అడివి బాపిరాజు ఆయన శిష్యుడే, రామారావూ ఆయన చేరదీసిన పిల్లవాడే. ఆ ప్రోత్సాహంతోనే 1916లో రామారావు బొంబాయి వెళ్లి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరారు. చదువు ముగించి మళ్లీ ఇంటికే వచ్చారు. బొంబాయిలో నిలదొక్కుకోగలిగినవాడు గోదావరి ఒడ్డుకు తిరిగి రావడం ఆ రోజుల్లో చిన్న నిర్ణయం కాదని నా అభిప్రాయం.

అప్పటికి మన దేశంలో బొమ్మలేసేవాడి ముందు రెండు తోవలు ఉండేవి. ఒకటి రవివర్మ చూపిన తైలవర్ణాల తోవ, నగా చీరా ధగధగలాడే బొమ్మలు. రెండోది బెంగాల్ వాళ్ల తోవ, పొగమంచులో ముంచి తీసినట్టుండే నీటిరంగులు. రామారావు బొంబాయిలో శరీర నిర్మాణం క్షుణ్ణంగా గీయడం నేర్చుకున్నారు, రేఖను మాత్రం అజంతా వైపు నుంచి తెచ్చుకున్నారు. 'పుష్పాలంకరణ'లో ఆడవాళ్ల చేతులు చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. ఆ పొడవాటి చేతులు మామూలు కొలతలకు అందవు, అయినా ఎముక ఎక్కడుందో, బరువు ఎటు వాలిందో మన కంటికి తెలుస్తూనే ఉంటుంది. 1922లో కలకత్తా ప్రదర్శనలో 'ఋష్యశృంగ బంధనం' చిత్రానికి మొదటి బహుమతి వచ్చింది. 1924లో లండన్ దగ్గర వెంబ్లీలో జరిగిన బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శనకూ ఆయన చిత్రాలు వెళ్లాయి. ఈ లోపు రాజమండ్రిలోనే బడి పెట్టి పదిమందికి నేర్పడం మొదలుపెట్టారు. బొంబాయి చదువు ముగిశాక ఆయన చేతిలో ఉన్న కాలం సుమారు ఐదేళ్లు. ఇదంతా ఆ ఐదేళ్ల పనే.

ఆయన పోయాక జరిగిందే నాకు ఇంకా పెద్ద విషయంగా తోస్తుంది. గురువు పోతే బడి మూతపడటం లోకంలో మామూలే. స్నేహితుడు వరదా వెంకటరత్నం ఆ బడిని భుజాన వేసుకుని నడిపారు. భార్య సత్యవాణి, సోదరి దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ ఇద్దరూ చిత్రకారిణులే. బొమ్మలు తలో చోటికి చెదిరిపోకుండా ఒకచోట నిలిచి, ఈనాటికీ ఆయన పేరిట గ్యాలరీగా మన ఊళ్లో ఉన్నాయంటే ఆ నాటి దగ్గరివాళ్ల చలవే. సభలో వాళ్ల ముగ్గురి పేర్లూ వేదిక మీది పటం కింద రాయించాం. దండ మాత్రం ఒక్కటే, అది అందరికీ చెందుతుందనుకున్నాం.

సభ తరవాతి ఆదివారం పిల్లల్ని గ్యాలరీకి తీసుకెళ్లాం. ఫోన్లు ఇంట్లో వదిలి, పుస్తకం, పెన్సిల్ తెచ్చుకోమన్నాం. మొదట గోల చేశారు. తరవాత నాలుగో తరగతి పాప ఒకత్తి ఓ బొమ్మ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని చేతి వేళ్లు మాత్రమే గీయడం మొదలుపెట్టింది. ఆరు వేళ్లొచ్చాయి. చెరిపి మళ్లీ గీస్తే నాలుగొచ్చాయి. "బొటనవేలు ఎటు పోయిందంకుల్?" అని నన్నడిగింది. నేనూ వంగి చూశాను. బొటనవేలు పువ్వు వెనక ఉంది. దాన్ని గీయకుండానే ఉందని తెలిసేలా ఎలా వేశారన్నది మా ఇద్దరికీ అంతుపట్టలేదు.

ఆరోగ్య విభాగం ఇదే సందర్భంలో టీకాల శిబిరం పెట్టింది. ముడి పెట్టారని కొందరన్నారు గానీ, సబబైన ముడే. మశూచికి జెన్నర్ టీకా కనిపెట్టింది 1796లో. అంటే రామారావు పుట్టేనాటికే దానికి నూరేళ్లు. ఆ రోజుల్లో ఒకసారి సోకాక మందంటూ లేని జబ్బు, సోకకుండా ఆపడమే దారి. మన దేశం మశూచి నుంచి బయటపడినట్టు 1977లో, ప్రపంచమంతా బయటపడినట్టు 1980లో ప్రకటించారు. శిబిరంలో డాక్టరు గారు ఈ మాట చెబుతుంటే మన పెద్దవాళ్లు చొక్కా చేతులు పైకి మడిచి టీకా మచ్చలు చూపించారు. పిల్లలు వేలితో తడిమి చూసి, మాకెందుకు లేవని అడిగారు. ఇంటింటికీ తిరిగి టీకా కార్డులు చూడగా కొందరు పిల్లలకు బాకీ డోసులు తేలాయి, వాటిని ఆరోగ్య కేంద్రంలో వేయించాం. కార్డు పోయిందన్న ఇళ్లవాళ్లు దయచేసి కొత్తది తీసుకోండి.

వచ్చే ఏడాదికి కార్యవర్గం సర్వసభ్య సమావేశం ముందు పెడుతున్న ప్రతిపాదనలు ఇవి. పార్కు పక్క గదిలో ఆదివారాలు పిల్లలకు బొమ్మల తరగతి నడపాలి. నేర్పేందుకు మన సభ్యుల్లోనే విశ్రాంత డ్రాయింగ్ మాస్టారు ఒకరు ఒప్పుకున్నారు, రుసుము వద్దన్నారు. కాగితాలు, రంగులు సంఘం కొనాలి. ఇళ్లల్లో పాత పత్రికల్లో అచ్చయిన చిత్రాలు ఎవరి దగ్గరైనా ఉంటే చించకుండా సంచికతో సహా ఇస్తే స్కాన్ చేయించి తిరిగి ఇచ్చేస్తాం. గది తాళం ఒకటి నా దగ్గర, రెండోది మాస్టారి దగ్గర ఉంటాయి. రెండో వీధి మలుపు కాలువకు కొత్త తూము వేయడానికి అర్జీ పెట్టాం, వానలకు ముందే పని మొదలయ్యేలా అధ్యక్షులు వెంటపడుతున్నారు.

చందా బాకీలున్నవారు సమావేశం రోజునే చెల్లించి రసీదు తీసుకోగలరు.

ఇట్లు,
కార్యదర్శి